ఏడో నంబర్ నడక

నడక పోటీ అని చెబితే మా సంతోష్‌నగర్‌లో ముందు నవ్వుతారు, తర్వాత అడుగుతారు. "నడుచుడు గూడ ఆటనేనా? ఉరకరాదా మరి?" అని. పదకొండేళ్లుగా ఒకే జవాబు చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. పరిగెత్తడం ఎవరికైనా వస్తుంది. పరిగెత్తాలని ఒళ్లంతా కొట్టుకుంటున్నప్పుడు పరిగెత్తకుండా, ఏదో ఒక పాదం నేలమీదే ఉంచి, ముందుకు వేసిన కాలి మోకాలు వంచకుండా ఇరవై కిలోమీటర్లు పోయి చూడండి, అప్పుడు మాట్లాడుకుందాం. నడుం తిప్పుకుంటూ నడుస్తామని వెక్కిరించేవాళ్లు మా గల్లీలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లమీద నాకు కోపం లేదు. ఉన్న కోపమంతా ఒక్కదానిమీదే. దాని పేరు ప్రీతి.

ఈ నడక నాకు ఏ కోచూ నేర్పలేదు, పాల క్యాన్ నేర్పింది. మా బాపు మొగులయ్యకు తొమ్మిది బర్రెలు. బడికి పోయేముందు కంచన్‌బాగ్ క్వార్టర్లలో పాలు పోసి రావడం నా పని. కుడిచేతిలో నిండు క్యాన్. పరిగెడితే పాలు ఒలుకుతాయి, ఇంట్లో తిట్లు. మెల్లగా పోతే ఆలస్యం, బడిలో తిట్లు. రెండూ తప్పించుకోవడానికి నాకు నేనే ఒక నడక కనిపెట్టుకున్నాను. అన్నేళ్లు కుడివైపు బరువు మోసేసరికి నా ఎడమ భుజం కొంచెం పైకి లేచే ఉంటుంది, ఎడమ మోచెయ్యి పక్కకు పొడుచుకొస్తుంది. చేతిలో క్యాన్ లేకపోయినా అంతే. గల్లీ చివర నా నడక కనబడితే చాలు, ముఖం తెలియకముందే అమ్మ పొయ్యిమీద చాయ్ పెట్టేస్తుంది.

నేను పాలు పోసే ఇళ్లలో ప్రీతి వాళ్లది ఒకటి. వాళ్ల నాన్న ఇశ్రాయేలు అంకుల్ అక్కడి ఫ్యాక్టరీలో కార్మికుడు. ఆరో తరగతి నుంచి మాది ఒకే బెంచీ. స్కూల్ మీట్‌లో నడక పోటీకి నా పేరు రాయించింది ప్రీతే. "పాలు ఒలకకుండ గింత జోరుగ నడుస్తవ్, గీ పోటీ నీకోసమే పెట్టిన్రే" అంది. ఆ రోజు గెలిచాను. క్రిస్మస్‌కు వాళ్లింట్లో నేను, బోనాలకు మా ఇంట్లో అది. చెప్పుకుంటూ పోతే మస్తు ఉంది గానీ ఇప్పుడు చెప్పబుద్ధి కావడం లేదు.

ప్రీతి ఆటల సైన్సు చదువుకుని పీహెచ్‌డీలో చేరింది. దూరపు పరుగులో, నడక పోటీలో మనిషి వేగం దేనిమీద ఆధారపడుతుందో కనుక్కోవడం దాని పరిశోధన. ఎండ, నిద్ర, తాగే నీళ్లు, అడుగు పొడవు, పాదం నేలను తాకే తీరు, అన్నీ కొలవాలి. దానికి పన్నెండు మంది నడిచే అమ్మాయిలు కావాలి. మా ఆటలో అంతమంది దొరకడమే కష్టం. ఒకరోజు మా బర్రెల కొట్టం దగ్గరికే వచ్చి నా చేతులు పట్టుకుంది.

"నువ్ రావాలె నందినీ. నువ్ లేకుంటె నా పరిశోధననే లేదు."

నాకు ఒక భయం ఉండేది. అడిగితే మా ఆటవాళ్లెవరూ ఒప్పుకోరు గానీ నిజం చెబుతున్నా, వేగంగా నడిచేటప్పుడు రెండు పాదాలూ కాసింత సేపు గాల్లోనే ఉంటాయి, అందరికీనూ. రూలు కూడా పాదం లేచినట్టు కంటికి కనబడకూడదనే అంటుంది. కంటికి దొరకనిది కెమెరాకు దొరుకుతుంది.

"నా నడక ఎవలన్న చూస్తే?" అని అడిగాను.

"పిచ్చిదానివానే? పేరుండదు, మొఖముండదు. నువ్ ఏడో నంబర్, గంతే. ఇష్టం లేకుంటె ఎప్పుడన్న తప్పుకోవచ్చు, గది గూడ ఫారంల రాసి ఉన్నది. ఫికర్ జెయ్యకు."

ఫారం ఇంగ్లిషులో ఉంది. ప్రీతి చెబుతుంటే నేను చదవడం దేనికి? చూపించినచోట సంతకం పెట్టాను.

వాళ్ల ల్యాబులో నా కీళ్లన్నిటిమీద మెరిసే బిళ్లలు అంటించారు, మూతికి మాస్కు బిగించారు, ట్రెడ్‌మిల్ ఎక్కించారు. పక్కన సెకనుకు వందల ఫొటోలు తీసే కెమెరా. రెండు గంటలు నడిపించాక ప్రీతి కంప్యూటర్ చూసి నా భుజం చరిచింది.

"నువ్ గాల్ల ఉండేది సెకనుల ముప్పయ్యో వంతు. మనిషి కన్ను పట్టాల్నంటే ఇర్వై అయిదో వంతన్న ఉండాలె. ఏ జడ్జీ నిన్ను పట్టలేడు పో!"

ఇంటికి ఎగురుకుంటూ వచ్చాను. నా నడకలో తప్పు లేదని సైన్సే చెప్పింది, అదీ నా దోస్తు నోటితో.

ఆ తర్వాత నాలుగు నెలలకు రాష్ట్ర జట్టు ట్రయల్స్. నాకు ఇరవై ఏడు నిండాయి. జాతీయ పోటీలో రాష్ట్రం తరఫున నడిచిన సర్టిఫికెట్ ఉంటేనే క్రీడల కోటాలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టగలను. ఆ వయసు గడువు ఆ ఏడాదితో సరి. ట్రయల్స్‌లో అంతకుముందు మొదటి ఒక్కరినే తీసుకునేవారు, ఆ ఏడాది నుంచి ఇద్దరిని. పోయిన మూడేళ్లలో నాకంటే ముందు నడిచిన అమ్మాయి రాష్ట్రంలో ఒక్కతే ఉంది.

ఆ రోజు ఆమెకంటే కూడా నేను నూరు మీటర్లు ముందున్నాను. ఊపిరి హాయిగా ఉంది, కాళ్లు చెప్పినట్టు వింటున్నాయి. ఆరో కిలోమీటర్ దగ్గర ఒక జడ్జి పసుపు అట్ట చూపించాడు. పాదం లేస్తోందని హెచ్చరిక. సరే అని వేగం తగ్గించాను. తొమ్మిదో కిలోమీటర్‌లో బోర్డుమీద నా పేరుకు ఒక ఎర్ర చుక్క పడింది, అంటే ఒక జడ్జి ఎర్ర కార్డు రాశాడని. పదకొండులో రెండోది. నేను ఇంకా తగ్గించాను, కూరగాయలకు బజారుకు పోయేంత నింపాదిగా నడిచాను. పదమూడో కిలోమీటర్ దగ్గర చీఫ్ జడ్జి ఎదురొచ్చి ఎర్ర అట్ట చూపించాడు. మూడు ఎర్ర కార్డులు, ముగ్గురు వేర్వేరు జడ్జీల నుంచి. అంటే పోటీలోంచి బయటికి. పదకొండేళ్లలో నాకు పడ్డ ఎర్ర కార్డులు మొత్తం కలిపి రెండు.

రోడ్డు పక్కన కూలబడి ఏడుస్తుంటే కళావతి మేడం వచ్చింది. రిటైరైన పీఈటీ, నా స్కూల్ మీట్ల నుంచి నన్ను చూస్తున్న జడ్జి. నా పక్కనే మట్టిలో కూర్చుంది.

"ఒక కార్డు నేను గూడ ఇచ్చిన బిడ్డా. అబద్ధమెందుకు చెప్పాలె."

"నా పాదం లేసిందా మేడం? మీ కండ్లతోని చూసిన్రా?"

ఆమె చేతిలోని పసుపు అట్టను ఒళ్లో బోర్లా పెట్టుకుంది.

"పోయిన నెల మా జడ్జీలందరికి క్లాసు పెట్టిన్రు. తెరమీద ఒక పిల్ల నడకను మెల్లగ తిప్పి తిప్పి చూపిచ్చిన్రు, రెండు కాళ్లు గాల్ల. మొఖం మసకజేసిన్రు గని, ఆ ఎడమ భుజం చూడంగనే అందరం నీ పేరే అన్నం. ఇయ్యాల నువ్ నడుస్తుంటె నాకు గా తెరమీది నడకనే కనబడ్డది. నిన్ను చూసి ఇచ్చిన్నా, దాన్ని చూసి ఇచ్చిన్నా, నాకే తెలుస్తలేదు."

"ఎవలు చూపిచ్చిన్రు?"

"గా పీహెచ్‌డీ పిల్ల. ప్రీతి."

చెంప పగిలినట్టయింది. చెమట ఆరకముందే ఆటో ఎక్కి వాళ్లింటికి పోయాను. ప్రీతి నన్ను చూడగానే విషయం అర్థం చేసుకుంది.

"నేను మాట తప్పలేదు నందినీ. పేరు చెప్పలే. మొఖం చూపియ్యలే."

"నా నడక చూపిచ్చినవ్ గదనే! నడిచెటోళ్లకు నడకనే మొఖం, గది గూడ తెల్వదా నీకు? నీ పరిశోధన దేనిమీద మరి?"

అది ఏడ్చింది. క్లాసులో ఏదన్నా కొత్త సంగతి చూపించమన్నారట, అందరిలో నా వీడియోనే స్పష్టంగా వచ్చిందట, అంతకుమించి ఆలోచించలేదట. చివరికి నా గడ్డం పట్టుకుని మాటిచ్చింది. "నువ్ కంప్లైంట్ పెట్టు. కమిటీకి నేనొచ్చి చెప్త. నీ లెక్కలు గూడ తెస్త." నేను నమ్మాను. ఇప్పుడు తల్చుకుంటే నామీద నాకే రోత పుడుతుంది గానీ, ఆ రోజు నిజంగానే నమ్మాను. వచ్చేటప్పుడు దాని కళ్లు నా చున్నీతో తుడిచి మరీ వచ్చాను.

కమిటీలో ముగ్గురు. పెద్దాయన పేరు అమరనాథ్. నేను అడిగింది ఒక్కటే, ఆ క్లాసుకు రాని జడ్జీలను పెట్టి నన్ను ఇంకోసారి నడిపించమని. కళావతి మేడం వచ్చి, ఏదీ దాచకుండా నాకు చెప్పిందే వాళ్లకూ చెప్పింది. అమరనాథ్ గారు అంతా రాసుకున్నారు.

"మేడం భుజం చూసి నువ్వే అనుకున్నారు. అనుకున్నది రికార్డు కాదు కదమ్మా. వీడియోలో ఉన్నది నువ్వేనని రీసెర్చ్ చేసినామె చెప్తే, మళ్లీ ట్రయల్ పెట్టడానికి మాకేం అభ్యంతరం లేదు." ఆయన ప్రీతి వైపు తిరిగారు. "చెప్పమ్మా, ఏడో నంబర్ ఈ అమ్మాయేనా?"

ప్రీతి ముందు ఫైలు ఉంది. అది ఫైలు తెరిచింది. పైనున్న కాగితం నాకు తెలుసు, దానిమీద సంతకం నాదే. ఇక నా గండం గట్టెక్కిందనుకున్నాను. కాగితం మీద వేలు పెట్టి, ఫైలు మూసేసింది.

"సారీ సర్. రీసెర్చ్‌లో ఉన్నవాళ్ల వివరాలు బయట చెప్పకూడదు. ఏడో నంబర్ ఎవరో నేను చెప్పలేను."

"నేనే చెప్పుమంటున్న గదనే!" అని అరిచాను. "నా పేరు నేనే చెప్పుమంటున్న!"

"అది రూల్ సర్" అంది ప్రీతి, ఆయనతో. నావైపు చూడలేదు. నా పేరు దాచడానికి ఇచ్చిన మాటను నా గొంతుకే చుట్టింది.

బయట వరండాలో ప్రీతిని ఆపాను. ఈసారి అది ఏడవలేదు.

"థీసిస్ ఇచ్చే నెల నందినీ. పర్మిషన్ లేకుండ వీడియో చూపిచ్చిన్నని రికార్డుల పడితే నా అయిదేండ్లు పోతయి."

"మరి నా పదకొండేండ్లు?"

ప్రీతి చెప్పులు తొడుక్కుని మెట్లు దిగిపోయింది.

జాతీయ పోటీలు నేను లేకుండానే జరిగాయి. దరఖాస్తు గడువు వచ్చింది, పోయింది. ఆ సాయంత్రం నేను అన్నం తినలేదని బాపు కూడా తినలేదు. నేను మళ్లీ పొద్దున పాలు పోయడం మొదలుపెట్టాను, ప్రీతి వాళ్లింటికి తప్ప. "లొల్లెందుకు బిడ్డా, ఆ ఇంటికి నేను పోయొస్త" అని బాపే పోతున్నాడు. ప్రీతి వాళ్లమ్మ రోజూ నా గురించి అడుగుతుందట. ఆమెకు కూతురు ఏం చెప్పిందో నాకు తెలియదు.

కమిటీ ముందు నిలబడ్డ ఏడు నెలలకు ఒక పొద్దున, నేను క్యాన్ నింపుతుంటే కొట్టం బయట అడుగుల చప్పుడైంది. తల ఎత్తకుండానే తెలిసిపోయింది. ప్రీతి కుడి మడమ కాస్త ఈడుస్తుంది, చిన్నప్పుడు సైకిల్ మీంచి పడ్డప్పటి నుంచి. నడకలు చదవడం దానికొక్కదానికే తెలుసా?

చాలా చిక్కిపోయింది. బాపుకు నమస్తే పెట్టి, నా ముందు నిలబడింది.

"థీసిస్ వాపస్ పంపిన్రు నందినీ. అందర్ని రెండోసారి కొలిచి తెమ్మన్నరు. పదకొండు మంది ఒప్పుకున్నరు. ఏడో నంబర్ లేకుంటె నా లెక్క నిలవది. ఒక్కసారి ట్రెడ్‌మిల్ ఎక్కవే. నీ కాళ్లు మొక్కుత."

నేను క్యాన్ మూత బిగించాను.

"ఏడో నంబరా? ఎవలు?"

"నందినీ..."

"ఏడో నంబర్ ఎవలని అడుగుతున్న."

ప్రీతి నేల చూసింది, బాపును చూసింది.

"నువ్వే" అంది.

బర్రెకు గడ్డి వేస్తున్న బాపు చేతులు ఆగిపోయాయి. నేను ఏడు నెలలుగా కలలో కూడా వినాలనుకున్న మాట అది. ఆ గదిలో ముగ్గురి ముందు ఒక్కసారి అని ఉంటే నా బతుకు ఇంకోలా ఉండేది. ఇప్పుడు మా పేడ కొట్టంలో, దాని అవసరానికి, ఎంత తేలిగ్గా వచ్చిందో. కోపం వస్తుందనుకున్నాను. ఏడుపు వచ్చింది, బిగించిన మూతనే మళ్లీ బిగించాను.

"ఎప్పుడన్న తప్పుకోవచ్చని ఫారంల ఉన్నదన్నవ్ గదా" అన్నాను. "ఏడో నంబర్ తప్పుకున్నదని రాస్కో."

క్యాన్ ఎత్తుకుని బయటికి నడిచాను. ప్రీతి వెనక నుంచి రెండుసార్లు పిలిచింది. క్వార్టర్లలో పాలకోసం ఎదురు చూస్తుంటారు, అప్పటికే ఆలస్యమైంది.