ఆరింటి అరతిప్పు

నేను ఒక తాళంకప్పను. పుట్టింది దిండిగల్‌లో, బరువు కిలోంపావు, వృత్తి నోరు మూసుకుని ఉండడం. నా జాతిలో నోరు తెరిచిన దాన్ని పనికిరానిది అంటారు. అలాంటిది ఇవాళ మీతో మాట్లాడుతున్నానంటే కారణం ఉంది. నన్ను తెరిచి, గోడకి మేకు కొట్టి తగిలించారు. తెరిచిన తాళం మాట్లాడక ఇంకేం చేస్తుంది?

నమ్మితే నమ్మండి, నమ్మకపోతే పోనివ్వండి. ఇనుముకి తుప్పు పడుతుంది గాని అబద్ధం పట్టదు.

నన్ను చేసినవాడు మాయాండి ఆశారి. ఒంటికన్ను మనిషి. రెండో కన్ను ఏదో తాళం లోపలికి తొంగి చూస్తూ అక్కడే మరిచిపోయాడని ఊళ్లో చెప్పుకునేవారు. ఏ తాళం ఎలా పనిచేస్తుందో కట్టుకున్న భార్యకి కూడా చెప్పేవాడు కాదు. నా కడుపులో ఆఖరి స్ప్రింగు బిగించి, కన్నం దగ్గర నోరు పెట్టి, "రెండు తాళంచెవులూ తిరగందే బ్రహ్మ వచ్చి అడిగినా తెరవకు" అని ఒట్టు వేయించుకున్నాడు. అవును, నాకు తాళంచెవులు రెండు. ముందు మొదటిది సగం తిప్పాలి, తర్వాత రెండోది మిగతా సగం తిప్పాలి. మొదటివాడు తిప్పిన సగం సాయంత్రం దాకా నాలో నిలిచి ఉంటుంది. ఈలోగా రెండోవాడు రాకపోతే దానంతటదే వెనక్కి జారిపోతుంది. ఎలాగని నన్నడక్కండి. భార్యకే చెప్పని వాడు నాకు చెబుతాడా?

నన్ను చేయించింది ఒక బీరు ఫ్యాక్టరీ. మంజీర నీళ్లు వచ్చే వైపు, హైదరాబాదుకి పడమర. ఈ దేశంలో బీరు చాలాకాలం దొరల దాహం. కంటోన్మెంటు సిపాయిల కోసం ఓడల్లో వచ్చేది, తర్వాత ఇక్కడే కాచారు. దొరలు వెళ్లిపోయారు గాని దాహం ఉండిపోయింది. ఆ దాహానికి సర్కారు లైసెన్సు ఇచ్చింది, ఇచ్చిన చేత్తోనే తాళం వేసింది. బీరు పులిసే గది తలుపుకి నేను. నా మొదటి చెవి కంపెనీది, రెండోది ఎక్సైజు ఇన్‌స్పెక్టరుది. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేని ఇద్దరు మనుషులు రోజూ ఒకే తలుపు కలిసి తెరవాలన్నమాట. కాపురాలు కూడా ఇలాగే సాగుతాయని విన్నాను.

కంపెనీ చెవి మొగులయ్య గౌడు మొలతాటికి ఉండేది. తాత తండ్రులు ఈతచెట్లెక్కి కల్లు గీసినవాళ్లు. ఫ్యాక్టరీలో ఊడ్చే పనికి చేరి, బీరు కాచే పెద్దపని దాకా ఎదిగాడు. ఎలా ఎదిగాడంటారా? కంపెనీవాళ్లు విమానంలో తెప్పించిన విదేశీ మడ్డి, అంటే బీరుని పులియబెట్టే సరుకు, మొదటి ఎండాకాలానికే చచ్చి ఊరుకుంది. పెద్ద పెద్ద చదువులవాళ్లు తలలు పట్టుకున్నారు. మొగులయ్య ఇంటికెళ్లి తండ్రి ఈతకల్లు లొట్టి, అంటే కల్లుకుండ, అడుగున మిగిలిన మడ్డి గోకి తెచ్చి, ఎవరికీ చెప్పకుండా కలిపేశాడు. మూడో రోజుకి గదంతా పండిన జామపళ్ల వాసన. ఆ బీరు కోసం కర్ణాటక నుంచి లారీలు వచ్చి బారులు తీరేవంటే చూసుకోండి. ఆ మడ్డినే ఒక డబ్బాలో పెట్టి, ఎప్పటికప్పుడు కొత్తగా మాల్టు నీళ్లు, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ కాచిన నీళ్లు, పోసి, పాతికేళ్లు సాకాడు.

సర్కారు చెవి తమ్మిరాజు గారిది. భీమవరం వైపు మనిషి, ఇస్త్రీ చొక్కా, ఇస్త్రీ మాట. అంతకాలం బీరుకి కాపలా ఉండి ఒక్క చుక్క నాలిక మీద వేసుకోలేదు. ఎవరైనా బలవంతం చేస్తే, "తాళం వేసేవాడే తాగితే ఇక తాళమెందుకండీ?" అనేవారు.

తలుపు తెరిచిన ప్రతిసారీ మొగులయ్య మొదటి గ్లాసు పట్టి గడప మీద పోసేవాడు. తమ్మిరాజు గారికి ఒళ్లు మండేది.

"ఏంటయ్యా ఇది? గవర్నమెంటు సరుకు నేలపాలు చేస్తావేంటి?"

"నేలపాలు గాదు సారూ, సాక. మా గౌండ్ల దేవుడు కాటమయ్యకు వోసినంకనే మనకు."

"మీ కాటమయ్యకి లైసెన్సుందా?"

"ఆయనకు లైసెన్సు ఇచ్చెటోడు ఇంక పుట్టలే సారూ!"

ఇద్దరూ నవ్వేవారు. మర్నాడు మళ్లీ ఒకరి తర్వాత ఒకరు నన్ను తిప్పేవారు. సుఖంగా ఉండేది.

తొంభై ఐదులో నిషేధం వచ్చింది. సారా కొంపలు కూల్చిందని ఆడవాళ్లు కొంగు బిగించారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది, నేను కాదనను. ఆ ఊపులో ముందు సారాకి, తర్వాత బీరుకీ తలుపు పడింది. తమ్మిరాజు గారు నన్ను నొక్కి బిగించి, తన చెవి జేబులో వేసుకుని, "ఆర్డరు వచ్చేదాకా ఇంతేనయ్యా" అన్నారు. లోపల చల్లమిషను గుర్రుమంటూ తిరుగుతోంది. ఆ చల్లదనంలో మొగులయ్య డబ్బా.

మర్నాడు పొద్దున ఆరింటికి మొగులయ్య వచ్చాడు. తన చెవి పెట్టి సగం తిప్పాడు. నా మీద చెయ్యి వేసి, తలుపు వైపు వంగి, "భయపడకు, సారు వస్తడు" అన్నాడు. నాతో కాదు, డబ్బాతో. ఆ రోజునుంచి రోజూ అంతే. ఆరింటికి రావడం, సగం తిప్పడం, సర్కారు కోసం నిలబడడం.

వారానికోసారి తనిఖీకి తమ్మిరాజు గారు వచ్చినప్పుడు కాళ్లకి అడ్డం పడేవాడు.

"సారూ, జర తెరువుండ్రి సారూ. బీరు తియ్య, ఏం ముట్ట. గా డబ్బకు ఇన్ని మాల్టు నీళ్లు వోసి వస్త."

"ఆర్డరు లేదు మొగులయ్యా."

"అది పానమున్న జీవి సారూ. మా నాయిన లొట్టిల పుట్టింది. మా నాయిన వోయిండు, చెట్టు వోయింది, అదొక్కటే మిగిలింది. నాలుగు నెల్లు ఆగుతది. అటెన్క సచ్చిపోతది."

"నా ఉద్యోగం నాలుగు నిమిషాలు కూడా ఆగదయ్యా! పెన్షనుకి ఇంకా రెండేళ్లుంది. ఇప్పుడు తలుపు తీశానని తెలిస్తే ఊరికే వదుల్తారా?"

"దూపైనోనికి నీళ్లు వొయ్యనీకి గూడ ఆర్డరు గావాల్నా సారూ?"

తమ్మిరాజు గారు జేబురుమాలు తీసి, ఏ మరకా లేని తన చెవిని తుడుచుకుంటూ వెళ్లిపోయారు.

మూడో నెలలో, ఎండలు ముదిరాక, ఒకరోజు మొగులయ్య ఆరింటికి వచ్చాడు. సగం తిప్పాడు. నా మీద చెయ్యి వేసి అలాగే గడప మీద కూర్చున్నాడు. ఎంతకీ లేవలేదు. ఆ చెయ్యి చల్లబడడం నాకు ఆలస్యంగా తెలిసింది. ఇనుముకి చల్లదనం కొత్త కాదు కదా.

మొలతాటికి ఉన్న తాళంచెవి తియ్యకుండానే అతణ్ణి దహనం చేశారు. తమ్మిరాజు గారు దగ్గరుండి చూశారు. అంటే నా మొదటి చెవి ఇక ఈ లోకంలో లేదు.

మర్నాడు పొద్దున ఆరింటికి నాలో చెవి పడింది.

తిప్పిందెవరో కనపడలేదు. చెవి బరువు తెలుసు, దాని పళ్లలో అరిగిన మూడో పన్ను తెలుసు. కాస్త వెచ్చగా ఉంది, బూడిద వాసన. సగం తిరిగి ఆగింది. నా మీద ఒక చెయ్యి పడింది. 'టిక్' మన్న చప్పుడుకి కావలివాడు బీడీ పారేసి లేచాడు. తలుపు ముందు ఎవరూ లేరు. వరసగా పదిరోజులు విన్నాక, బాకీ జీతం కూడా అడక్కుండా పారిపోయాడు.

మీకో సందేహం రావాలి. దయ్యాలకి గోడలు అడ్డమా? నేరుగా దూరిపోయి డబ్బా చూసుకోవచ్చు కదా? నాకూ వచ్చింది ఆ సందేహం. కానీ పాతికేళ్లు రెండు చెవుల పద్ధతికి అలవాటు పడ్డ మనిషి. సగం తిప్పేవాడు, సర్కారు కోసం నిలబడేవాడు. పొద్దు గుంకాక ఆ సగం నాలోంచి జారిపోయేది. చెయ్యి తీసేసేవాడు. బతికున్నవాళ్లు చట్టం దాటడానికి వంద సందులు వెతుకుతారు. ఈ చచ్చినవాడు ఒక్కటీ వెతకలేదు. లోపల డబ్బాకి దూప పెరుగుతోంది. నాలుగో నెల అయిపోవస్తోంది.

ఆఖరి వారంలో ఒక పొద్దున తమ్మిరాజు గారు వచ్చారు. ఇస్త్రీ లేని చొక్కా. చేతిలో స్టీలు క్యారియరు. అందులో బార్లీ గంజి! మాల్టు అంటే ఏమిటో సరిగా తెలీక, జ్వరం పడ్డవాళ్లకి కాచినట్టు బార్లీ కాచి, బెల్లం వేసి తెచ్చారు. పాతికేళ్లు బీరు పక్కన నిలబడి ఆ మనిషి నేర్చుకున్నది అంతే. తలుపు తీద్దామని రాలేదు, తీయలేనని ఆయనకి తెలుసు. గడప మీద కొంచెం గంజి పోసి, "ఇదిగోనయ్యా నీ సాక. ఒక్క చెవితో నేనేం చెయ్యను? నువ్వున్నప్పుడు నాకు ధైర్యం లేకపోయింది, ఇప్పుడు నువ్వు లేకపోతివి" అన్నారు.

అప్పుడు ఆరయింది. టిక్.

తమ్మిరాజు గారు నన్ను చూశారు. చుట్టూ చూశారు. మళ్లీ నన్ను చూశారు. జేబులోంచి చెవి తీశారు. అది మూడుసార్లు నా కన్నం పెదవికి తగిలి నాలుగోసారి లోపల పడింది. తిప్పారు.

తెరుచుకున్నాను. నా ఒట్టు తప్పలేదు సుమా. రెండు చెవులూ తిరిగాయి. ఒకటి కంటికి కనపడలేదు, అంతే.

ఆయన లోపలికెళ్లి డబ్బాలో గంజి పోసి, పక్కనే పీట వేసుకుని కూర్చున్నారు. గంట గడిచింది. ఏమీ లేదు. "మొగులయ్యా, క్షమించవయ్యా" అంటున్నారు. అప్పుడు డబ్బాలో ఒక్క బుడగ లేచింది. కాసేపటికి ఇంకొకటి. తర్వాత సన్నగా జామపండు వాసన. గడప మీద గంజి తడిలో బూట్ల ముద్రలు ఒక జత, వాటి వెనకే ఉత్త పాదాల ముద్రలు ఒక జత, లోపలికి వెళ్లినవి.

ఆ రోజు తమ్మిరాజు గారు పుట్టి బుద్ధెరిగి మొదటి దొంగతనం చేశారు. డబ్బాలో సరుకు క్యారియరులో వంపుకుని, నన్ను మళ్లీ నొక్కి, ఇంటికి వెళ్లిపోయారు. మర్నాడు ఆరింటికి నాకోసం ఎవరూ రాలేదు. అప్పుడు అర్థమైంది, మొగులయ్య నావాడు కాదు, ఆ మడ్డి వెంట వెళ్లేవాడు. రెండేళ్లు ఒంటరిగా వేలాడాను. ఖాళీ గదికి కాపలా ఎంత చల్లగా ఉంటుందో ఆ రెండేళ్లలో తెలిసింది.

నిషేధం సడలింది గాని మా కంపెనీ మళ్లీ లేవలేదు. పాత ఇనుము కింద అమ్మారు. అప్పటికి రిటైరైన తమ్మిరాజు గారు నన్ను అడిగి తెచ్చుకున్నారు. సర్కారు చెవి అప్పగించబోతే, అది ఏ తాళానిదో ఆఫీసులో ఎవరికీ తెలీక ఆయనకే ఇచ్చేశారట. నన్ను వంటింట్లో ఫ్రిజ్ మీద పెట్టారు. మర్నాడు పొద్దున ఆరింటికి... టిక్. ఆ చెయ్యి. ఎంత తెరిపిన పడ్డానో!

మడ్డి ఎక్కడుందంటారా? అట్లపిండిలో. భార్య సుందరమ్మ గారు మొదటిరోజే ముక్కు మూసుకుని, "ఏంటండీ ఈ కంపు?" అంటే, ఆయన "తోడు పిండి అనుకోవే" అన్నారట. ఆమె అలాగే అనుకుని రుబ్బిన పిండిలో కలిపింది. రోజూ గుప్పెడు పాత పిండి మర్నాటికి మిగల్చడం, ఆరింటికి ఫ్రిజ్ మీద టిక్‌మనగానే దానికి కొత్త పిండి పెట్టడం. ఇలా ఇరవై ఏళ్లు. ఆమె అట్లు పెనం మీదనుంచి పైకి లేచిపోకుండా గరిటెతో అదిమి పట్టుకోవాల్సి వచ్చేది. తాగని మనిషి ఇంట్లో పాతికేళ్ల బీరు అట్లై పొంగింది!

ఈలోగా సర్కారుకి ఇంకో బుద్ధి పుట్టింది. చిన్నగా కాచుకుని, కాచిన చోటే పోసుకోవచ్చని లైసెన్సులు ఇచ్చింది. తమ్మిరాజు గారి మేడ మీద అద్దెకి దిగిన ఝాన్సీ, కరీంనగర్ పిల్ల, అలాంటి బీరు కాచే పనే నేర్చుకుని వచ్చింది. ఒక ఆదివారం సుందరమ్మ గారు పెట్టిన అట్టు తుంచి నోట్లో పెట్టుకోబోతూ, జామపండు వాసన తగిలి ఆగిపోయింది.

"ఆంటీ, ఈ పిండిల ఏం కలిపిండ్రు?"

"మీ అంకుల్నడుగమ్మా. ఆయన తోడు పిండి."

తమ్మిరాజు గారు అంతా చెప్పారు. దొంగతనం దగ్గర గొంతు తగ్గించారు. ఝాన్సీ చెంచాడు పిండి పట్టుకెళ్లి, ఏవో గాజు గిన్నెల్లో వేరుచేసి, నెలరోజులు తంటాలు పడి ఆ మడ్డిని బయటికి లాగింది.

"ఈ తాళం కూడా పట్టుకెళ్లమ్మా. మడ్డి వెనకాలే మొగులయ్య వస్తాడు, తిప్పుకోవడానికి తాళం ఉండాలి కదా" అన్నారు తమ్మిరాజు గారు.

"దయ్యానికి గూడ జాబ్ ఇయ్యాల్నా అంకుల్?"

"జీతం అక్కర్లేదు. టైముకి మాత్రం వస్తాడు. మీ కుర్రాళ్లెవరూ అలా రారు."

మర్నాడు ఆరింటికి టిక్‌మనగానే ఆయన తన చెవి తిప్పి నన్ను తెరిచి ఇచ్చారు. అలా ఝాన్సీ బీరు కాచి పోసే ఈ హోటలు గోడెక్కాను. ఇక్కడ పులిసే గదికి తలుపే లేదు, అద్దాల గోడ. ఒకప్పుడు నేను దాచిన దాన్ని ఇప్పుడు పిల్లాపాపలతో వచ్చి భోంచేసేవాళ్లంతా చూస్తారు. ఝాన్సీ జొన్నలతో కాస్తుంది. పక్క వీధిలో ఒకాయన రాగులతో కాస్తాడు, ఆ పైవీధిలో ఇంకొకరు బంగినపల్లి రసం కలుపుతారు. ఎవరి బీరు వాళ్లదే. మీ ఇంటి పప్పుచారు, పక్కింటి పప్పుచారు ఒకేలా ఉంటాయా? కాచినవాడి చెయ్యి తెలిసే సరుకు మళ్లీ ఈ ఊళ్లోకి వచ్చింది. తాళాలు పోయి తొట్టికో మీటరు వచ్చింది. మీటరుకి ఒక్క కన్నే, మాయాండికి లాగా. కాని కథలు చెప్పడం రాదు.

మొదటి తొట్టి తయారైన రోజు, ఎనభైకి దగ్గరపడ్డ తమ్మిరాజు గారిని కుర్చీలో కూర్చోబెట్టి తెచ్చారు. ఝాన్సీ మొదటి గ్లాసు చేతిలో పెట్టింది. జామపండు వాసన. ఆయన చాలాసేపు ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తర్వాత వంగి, తళతళలాడే ఆ గచ్చు మీద మొత్తం పోసేశారు.

"కాటమయ్యకి. మొగులయ్యకి."

"అంకుల్, ఒక్క గుక్క తాగుండ్రి! మీరు బతికిచ్చిందే గద?"

"తాళం వేసేవాడే తాగితే ఇక తాళమెందుకమ్మా?"

పోయిన ఆషాఢంలో తమ్మిరాజు గారు వెళ్లిపోయారు. ఆయన చెవి కూడా ఆయనతోనే వెళ్లింది. మర్నాడు పొద్దున ఆరింటికి నాలో మొదటి చెవి పడింది, సగం తిరిగింది. అలవాటు ప్రకారం ఆ చేతికింద ఊరుకున్నాను. అప్పుడు రెండో చెవి పడింది. మూడుసార్లు పెదవికి తగిలి, నాలుగోసారి.

నేను తెరిచే ఉన్నాను. అయినా ఇద్దరూ రోజూ వరస తప్పకుండా నన్ను తెరుస్తారు. ఝాన్సీ వచ్చేసరికి మేకు మీద ఊగుతుంటాను. మీటరు దగ్గర నిలబడి ఆ పిల్ల జుట్టు పీక్కుంటోంది. కొళాయిలు మార్పించింది, పైపులు మార్పించింది. ఎక్కడా కారడం లేదు, అయినా మొదటి తొట్టిలో ప్రతి పొద్దునా లెక్క తగ్గుతోంది.

వచ్చేది ఇద్దరు. తగ్గేది మాత్రం ఒక్క గ్లాసే.