ఇనుప కొంగ ఎడమ చెయ్యి

ఆ ఇంటి పెద్దకోడలు లిఫ్టుల కంపెనీలో డ్రాయింగులు గీస్తుంది. కొత్త భవనంలో లిఫ్టు కోసం వదిలిన ఖాళీని కొలుచుకొచ్చి, పట్టాలు ఎక్కడ బిగించాలో, ఎదురు బరువు ఎక్కడ వేలాడాలో, తలుపు ఎటు తెరుచుకోవాలో గీసి ఇవ్వడం ఆమె పని. ఇంట్లోవాళ్ళు ఆమె గురించి చెప్పుకునేది అంతవరకే. వాళ్ళు పెద్దగా పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. "ఇనుప కొంగ" అనే పాత జపనీస్ యానిమే బొమ్మల సీరియల్ అంటే ఆమెకు ప్రాణం.

పొడుగాటి కాళ్ళ మీద సముద్రపు బురదలో నడిచే యుద్ధయంత్రాల కథ అది. కొంగ గుండెలో ఒక మనిషి కూర్చుని దాన్ని నడుపుతాడు. ఆ బొమ్మలు ఎవరు గీశారు, ఏ భాగం ఎలా రూపుదిద్దారు, ఎక్కడ తొందరపడ్డారు అని తవ్వుకునే అభిమానుల గుంపు ఒకటి ఇంటర్నెట్‌లో ఉంది. శనివారం మధ్యాహ్నాలు అందరూ ఫోన్లలో కలుసుకుని గొంతులు పోయేదాకా వాదించుకుంటారు. వెనక్కి వంగే కొంగ మోకాలు అంత బరువును నిజంగా మోయగలదా అన్న వాదన వచ్చినప్పుడు, లిఫ్టు అడుగున అదురును మింగే స్ప్రింగుల లెక్కతో మోయగలదని తేల్చింది పెద్దకోడలే. ఆ రోజు నుంచి ఆమె ఆ గుంపులో మోకాలక్క.

ఆమెకు అంతకన్నా పెద్ద పేరు తెచ్చింది ఎడమ చేతి వ్యాసం. కథ మొదట్లో కొంగ రెండు చేతులూ తెరుచుకుంటాయి. వరదలో కొట్టుకుపోతున్న పిల్లల్ని ఎడమ అరచేతిలోకి ఎత్తుకుంటుంది. కొంగను నడిపేవాడి తమ్ముడు చనిపోయాక ఆ ఎడమ చెయ్యి మళ్ళీ తెరుచుకోదు, కథ ముగిసేదాకా పిడికిలిగానే ఉండిపోతుంది. పోయిన తమ్ముడి చెయ్యి ఇంకా పట్టుకునే ఉన్నట్టు ఆ పిడికిలి మూసుకుందనీ, దర్శకుడు ఒక్క మాట లేకుండా దుఃఖాన్ని ఇనుములో చూపించాడనీ పెద్దకోడలు రాసింది. చదివి ఏడ్చామన్నవాళ్ళున్నారు. గుంపులోకి కొత్తగా ఎవరొచ్చినా ముందు ఆ వ్యాసం చదివి రమ్మనేవారు.

అలాంటి రోజుల్లో చిన్నకోడలు ఆ ఇంట్లో అడుగుపెట్టింది. ఆమె యంత్రాల వాడకం పుస్తకాలను జపనీస్ నుంచి అనువదించే ఆఫీసులో పనిచేస్తుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు బాల్కనీలో బట్టలు ఆరేస్తూ, పెద్దకోడలి ఫోన్ మీది బొమ్మ చూసి, "అక్కా, ఇది కొంగ కదూ?" అని అడిగింది. పెద్దకోడలు చేతిలోని తడి దుప్పటిని అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఆ పూట ఇద్దరూ బట్టలు సగం ఆరేసి సగం బకెట్లోనే వదిలేశారు. ఆ రేకుమనుషుల పిచ్చి ఒక్కదానికే అనుకున్నాను, ఇప్పుడు దీనికి జత కూడా దొరికిందని అత్తగారు దెప్పింది.

చిన్నకోడల్ని గుంపులో చేర్పించింది పెద్దకోడలే. మా తోడికోడలు, నాకు చెల్లెలు లాంటిది, జాగ్రత్తగా చూసుకోండని అందరికీ పరిచయం చేసింది.

వాళ్ళు మరీ జాగ్రత్తగా చూసుకున్నారు. చిన్నకోడలు వస్తూనే, కొంగ ఒంటికి కుడిపక్కనే తుప్పు ఎందుకు ఉంటుందని అడిగింది. అన్నేళ్ళుగా చూస్తున్నవాళ్ళెవరికీ ఆ అనుమానం రాలేదు. తర్వాత తనే ఏదో పాత జపనీస్ పత్రికలో రంగులు వేసినతని మాటలు వెతికి పట్టుకొచ్చింది. కొంగలను నిలబెట్టే రేవులో సముద్రపు గాలి ఎప్పుడూ కుడివైపు నుంచే వీస్తుందని అతను మనసులో అనుకుని వేశాడట. గుంపు ఊగిపోయింది. ఆమెకు అక్కడికక్కడే "తుప్పు" అని ముద్దుపేరు పెట్టేశారు. అదే రోజు పెద్దకోడలు, ఉప్పుగాలి ఇనుమును ఎలా తింటుందో పెద్ద జాబు రాసి పెట్టింది. దాని కింద ఒకాయన నమస్కారం బొమ్మ పెట్టాడు. మిగతావాళ్ళు తుప్పుతో మాటల్లో పడి ఇటు చూడలేదు.

పెద్దకోడలికి ఎక్కడో చిన్నగా కాలింది. చిన్నపిల్ల, సరదాపడుతోంది, పోనీలే అనుకుంది. కానీ వారం వారం ఆ కాలడం ఎక్కువైంది. శనివారాల్లో ఎవరికే సందేహమొచ్చినా, తుప్పు ఏమంటుందో అడుగుదాం అనేవారు. ఆమె నోరు తెరిచేలోపే తుప్పు అసలు జపనీస్ మాట చదివి వినిపించేది. తను స్ప్రింగులూ బరువులూ లెక్కగట్టి ఊహించినదాన్ని ఆ పిల్ల పేజీ తిప్పి చెప్పేస్తుంటే ఒళ్ళు మండేది. ఆ మంటకు కారణం ఇదని పైకి అనలేక ఇంట్లో వేరే కారణాలు వెతుక్కుంది. క్లిప్పులు తీగకే వదిలేస్తున్నావంది. గ్యాసు సరిగ్గా కట్టలేదంది. తలుపు దడేలున వేస్తున్నావంది. చిన్నకోడలు మొహం చిన్నబుచ్చుకుని సరేనక్కా అనేది. ఆ సరేనన్నందుకు కూడా పెద్దకోడలికి కోపమొచ్చేది.

ఇదిలా ఉండగా చిన్నకోడలు ఎవరికీ దొరకని మనిషిని పట్టుకుంది. ఇనుప కొంగకు పనిచేసి, ఎప్పుడో రిటైరైన ఒక పెద్దావిడ. ఆ కథలో చేతులు కనబడే దృశ్యాలన్నీ దాదాపు ఆవిడే గీసింది. ఆవిడ మనవరాలి ద్వారా పరిచయం చేసుకుని, జపనీస్‌లో పలకరిస్తూ పలకరిస్తూ, ఒక శనివారం గుంపుతో మాట్లాడేందుకు ఒప్పించింది. అడిగేది, అనువదించేది, నడిపేది అంతా తుప్పే అని గుంపులో చాటింపు వేశారు. మన అదృష్టం కొద్దీ తుప్పు దొరికిందని ఒకరు రాస్తే, దాని కింద అందరూ వరసగా చప్పట్లు పెట్టారు. ఆ తుప్పును తెచ్చింది ఎవరో ఒక్కరికీ గుర్తురాలేదు. పెద్దకోడలు ఆ చప్పట్లను చివరిదాకా చూసి, ఫోన్ బోర్లా పెట్టేసింది.

ఆ శనివారమే అత్తగారిని కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. శుక్లం తీయించుకున్నాక డాక్టరు ఒకసారి చూడాలన్నాడు. తను తీసుకెళ్తానని పెద్దకోడలు ముందే మాటిచ్చింది. ఆవిడ కొడుకులిద్దరికీ ఆ రోజు సెలవు లేదు. మధ్యాహ్నం అత్తగారు చీర మార్చుకుని కూర్చున్నాక పెద్దకోడలు, ఆఫీసునుంచి పిలుపొచ్చిందనీ, పెద్ద భవనం కొలతల్లో తేడా వచ్చిందనీ, తను వెళ్ళి తీరాలనీ చెప్పింది. అదంతా అబద్ధం. చెబుతుంటే తన గొంతు ఎంత మామూలుగా ఉందో విని తనకే ఆశ్చర్యమేసింది.

ఇక అత్తగారిని తీసుకెళ్ళాల్సింది చిన్నకోడలే. ఒక్క గంట ఆలస్యంగా వెళ్ళడం కుదరదా అని అడిగింది. కుదరదంది. పోనీ పెద్దావిడతో మాటలు ఇంకో వారానికి మార్చమని అడుగుతానంది చిన్నకోడలు.

"పెద్దావిడ, అన్నీ సర్దుకుని కూర్చుని ఉంటుంది. ఇప్పుడు వద్దంటే బావుండదు" అంది పెద్దకోడలు. "నేను ఆఫీసులోనే ఒక మూల కూర్చుని నడిపిస్తాలే. ఆ మనవరాలికి ఇంగ్లీషు వచ్చన్నావుగా."

 చిన్నకోడలు అత్తగారి చెప్పులు తెచ్చి ముందుపెట్టింది. తను అడగాలనుకున్న ప్రశ్నలన్నీ పెద్దకోడలి ఫోన్‌కు పంపింది. గడపదాకా వెళ్ళి వెనక్కొచ్చి చెప్పింది.

"అక్కా, ఒక్క మాట. ఎడమ చేతి గురించి మాత్రం అడగకు. ఆ రోజులు తలుచుకుంటే ఆవిడకి నీరసమొస్తుందట."

పెద్దకోడలు తలూపింది. కానీ వీధిలో నడుస్తున్నంతసేపూ ఆ మాటే మెదడులో తిరిగింది. మిగతా అన్నిటికీ రాని నీరసం ఎడమ చేతికే ఎందుకొస్తుంది? ఆ వ్యాసం తనది కాబట్టి. దాని గురించి ఆవిడ నోటివెంట మంచి మాట వస్తే తన పేరు నిలబడుతుంది కాబట్టి. ఆ మాటను ఈ పిల్ల తన కోసం దాచుకుంటోంది, తీరిగ్గా ఇంకోరోజు తనే అడిగి తనే చెబుతుంది. ఆఫీసు గేటు చేరేసరికి పెద్దకోడలికి అందులో ఏ అనుమానమూ మిగల్లేదు.

శనివారం డ్రాయింగు హాలు ఖాళీగా ఉంది. ఏసీ వేయలేదు. వరసగా నల్లటి తెరలు, కుర్చీల మీద మడిచిన స్వెట్టర్లు. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని ఆమె పలకరింపు మొదలుపెట్టింది. తుప్పు ఏదని అందరూ అడిగారు. ఇంట్లో పని పడిందని చెప్పింది. ఆ నిరాశ ఆమెకు చెవుల్లో వినబడింది.

పెద్దావిడ మాటలు మాత్రం తేనెలా సాగాయి. ఆ రోజుల్లో ఒకే గదిలో అందరూ మోచేతులు తగిలేంత ఇరుకుగా కూర్చుని గీసేవారట. కొంగ వేళ్ళు ఎలా ముడుచుకోవాలో తెలియక, పక్క బల్ల దగ్గరి అతనితో సంచి మోయించి, దింపించి, మళ్ళీ మోయించి అతని వేళ్ళు చూస్తూ గీసేదట. అతను చివరికి ఆ సంచి కనబడితేనే పారిపోయేవాడని మనవరాలు నవ్వుతూ చెప్పింది. గుంపంతా మురిసిపోయింది. మోకాలక్క బాగా నడిపిస్తోందని ఎవరో రాశారు. ఆ ఒక్క వాక్యంతో పెద్దకోడలికి కొంచెం ఊపిరాడింది. అప్పుడు అడిగింది. తన వ్యాసం సంగతంతా వివరంగా చెప్పి, తమ్ముడు పోయాక ఎడమ చేతిని మూసేయాలన్న ఆలోచన దర్శకుడికి ఎలా వచ్చిందో చెప్పమంది.

అవతల కాసేపు జపనీస్‌లో గుసగుసలు. పెద్దావిడ చిన్నగా నవ్వడం వినిపించింది. మనవరాలు మెల్లిగా అనువదించింది.

ఆ సమయంలో పెద్దావిడ సైకిల్ మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకుందట. తెరిచిన వేళ్ళు ఆవిడలా గీసే చెయ్యి ఇంకొకటి లేదు. కొంగ కుడిచేతిని ఎలాగో పాత బొమ్మలతో నెట్టుకొచ్చారట. ఎడమ చెయ్యి మూసేయండి, పిడికిలైతే ఎవరైనా గీస్తారు అన్నాడట దర్శకుడు. ఆవిడ తిరిగి వచ్చేసరికి అంతదూరం మూసి గీసినదాన్ని తెరిస్తే బాగుండదని అలాగే వదిలేశారట.

 మనవరాలు ఇంకో మాట కలిపింది.

"ఈ సంగతి మీ అమ్మాయికి మేం ముందే చెప్పాం. మా అక్క దీని మీద చాలా అందంగా రాసింది, అందరిలో ఈ మాట తీసుకురావద్దని తనే మమ్మల్ని అడిగింది. ఆ అక్క మీరేనా అని అమ్మమ్మ అడుగుతోంది."

నేనే అని పెద్దకోడలు అంది. ఎవరో ఆపుకోలేక నవ్వి, వెంటనే దగ్గు నటించారు. పర్లేదు మోకాలక్కా, మీ కారణమే బాగుందని ఇద్దరు ముగ్గురు రాశారు. ఆ ఓదార్పు చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. మిగతా ప్రశ్నలు ఎలా అడిగిందో, ఎలా ముగించిందో ఆమెకు సరిగా గుర్తులేదు.

వింతేమిటంటే, ఖాళీ హాల్లో ఒంటరిగా కూర్చున్నప్పుడు ముందు వచ్చింది సిగ్గు కాదు. అదే పాత మంట, ఇంకా ఎక్కువగా. తెలివి ఆ పిల్లదే, భాష ఆ పిల్లదే, ఆఖరికి మంచితనం కూడా ఆ పిల్లదే అయింది. తనకేం మిగిలింది? సిగ్గు ఇంటికెళ్ళే బస్సులో వచ్చింది. వచ్చాక దిగలేదు.

ఇంట్లో అత్తగారు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని సోఫాలో కునుకుతోంది. కన్ను బాగానే ఉందని చెప్పారట. చిన్నకోడలు వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. పెద్దకోడలు ఆమె పక్కన నిలబడి, ఆఫీసులో పనేమీ లేదని చెప్పింది.

"తెలుసు" అంది చిన్నకోడలు, చేతులు ఆపకుండా. "అత్తయ్య వేసుకునే చుక్కల మందు పేరేంటని డాక్టరు అడిగాడు. మీ ఫోన్ కలవకపోతే ఆఫీసుకు చేశాను. ఇవాళ సెలవు, మేడమొక్కరే కూర్చున్నారని వాచ్‌మన్ చెప్పాడు. తర్వాత ఆసుపత్రి వరండాలో కూర్చుని మీ మాటలు మొత్తం ఫోన్‌లో విన్నాను."

కాపురానికి వచ్చిన నాటినుంచి నువ్వు అన్న పిల్ల మీరు అంది. పెద్దకోడలికి అది ముల్లులా దిగింది. క్షమించమంటూ మొదలుపెట్టి, నువ్వు నా పరువు కాపాడబోయావు, నేనే నీ మనసు చూడలేదని ఏదో చెప్పబోయింది. చిన్నకోడలు నీళ్ళు కట్టేసి ఇటు తిరిగింది.

"అంత మంచిదాన్నేం కాదు నేను. దాచింది కొంత మీ కోసమే. కానీ అందరూ మోకాలక్క వ్యాసం, మోకాలక్క వ్యాసం అంటుంటే, అది తప్పని నాకొక్కదానికే తెలుసు కదా అని లోపల నవ్వుకునేదాన్ని. శనివారం శనివారం నవ్వుకున్నాను. మీరేం రాసినా జనం ఏడుస్తారు. నేను ఎవరో అన్నమాటలు చదివి వినిపిస్తాను, అంతే." ఆమె తడి చేతులు దులుపుకుంది. "ఆవిడతో మాట్లాడాలని నాకెంత ఉందో మీకు తెలుసు. అది మాత్రం మీరు చేయకుండా ఉండాల్సింది."

 తను ఎవరిని చూసి ఇన్నాళ్ళూ కాలిపోయిందో ఆ మనిషి తనను చూసి కాలుతోందన్న మాట అప్పుడే పెద్దకోడలి తలకెక్కింది. తప్పు తప్పుగానే ఉంది, కానీ కొంచెం తేలికైంది. తుడుపుగుడ్డ తీసుకుని గిన్నెలు తుడవడం మొదలుపెట్టింది. చిన్నకోడలు వద్దనలేదు, మాట్లాడనూ లేదు.

ఆ మౌనం చాలా వారాలు నడిచింది. మీరు అనడం అంతకన్నా ఎక్కువ కాలం నడిచింది. ఏమైంది మీ ఇద్దరికీ, రేకుమనుషులు చచ్చారా ఏమిటని అత్తగారు అడిగితే ఇద్దరూ ఒకేసారి ఏం లేదన్నారు. పెద్దకోడలు తన వ్యాసాన్ని తీసేయలేదు. పైన, సైకిల్ మీంచి పడ్డ మణికట్టు కథ రాసి, దుఃఖం అనుకున్నది నిజానికి ఒక మనిషి లేని లోటు అని చేర్చింది. ఈ సంగతి బయటపడింది తుప్పు వల్లనే అని కూడా రాసింది. ఆ చివరి వాక్యం రాయడానికి ఆమెకు వ్యాసమంతటికన్నా ఎక్కువసేపు పట్టింది.

తర్వాత పెద్దావిడకు తీరిక దొరికిన ఒక శనివారం, రెండోసారి మాటలు పెట్టుకున్నారు. ఈసారి ఇంట్లోనే హాల్లో కూర్చుని నడిపింది చిన్నకోడలే. పెద్దకోడలు పక్కగదిలో మంచం మీద కూర్చుని అందరిలాగే ఫోన్‌లో వింది. గోడ అవతలినుంచి ఆ పిల్ల జపనీస్‌లో గలగలా మాట్లాడటం, పెద్దావిడ విరగబడి నవ్వడం రెండుసార్లు వినబడేవి, ఒకసారి గాల్లో, ఒకసారి ఫోన్‌లో. ప్రతి నవ్వుకూ ఆ పాత మంట చురుక్కుమంది. పోలేదు అది. పోతుందని ఆమె అనుకోనూ లేదు.

తన ప్రశ్నను మిగతావాళ్ళలాగే రాసి పంపింది. కొంగ నడిచేటప్పుడు పాదం బురదలోంచి ఊడివచ్చే తీరు ఎవరు ఆలోచించారని అడిగింది. చిన్నకోడలు దాన్ని ముందుకు జరపలేదు, వెనక్కి నెట్టలేదు. వరస వచ్చినప్పుడు "ఇది మా అక్క ప్రశ్న" అని చదివి, జపనీస్‌లోకి మార్చింది. పెద్దావిడ చాలాసేపు చెప్పింది. పెద్దకోడలు ఒక్క ముక్కా అర్థంకాక, మంచం అంచున కూర్చుని, గోడవైపు చెవి పెట్టి, తోడికోడలు ఎప్పుడు తెలుగులో చెబుతుందా అని ఎదురుచూసింది.