జరగని సీటు

“దాన్ని కడగకు డోలీ.”

ఇన్నేళ్ల కాపురంలో వాల్ట్ ఒక వస్తువును కడగవద్దని భార్యకు చెప్పడం ఇదే మొదటిసారి. చేతిలో సబ్బునీళ్ల బకెట్టు, భుజాన పాత తువ్వాలుతో గరాజు గుమ్మంలోనే ఆగిపోయింది డోలీ. గిన్నెలు కడగకు అని ఏనాడూ అనలేదు. ముగ్గురు పిల్లల ముడ్లు కడగకు అనలేదు. మంచాన పడ్డ వాళ్లమ్మ ఒళ్లు కడగకు అని అసలే అనలేదు. ఇవాళ, కారు కొనే మనిషి వస్తున్న శనివారం పొద్దున, ఆ కారు మీద చెయ్యి వెయ్యబోతే మాత్రం వాలుకుర్చీలోంచి లేచి మరీ వచ్చాడు. వాల్ట్ ఆ కుర్చీలోంచి లేవడమంటే మిషిగన్‌లో మంచు కురిసే జనవరిలో ఎండ కాసినట్టే. వాలడం ఆయన పేరులోనే ఉంది.

“ఆ దుమ్మే దాని విలువ. ఎవరూ ముట్టుకోలేదనడానికి అదే సాక్ష్యం. కడిగావనుకో, ఉత్త పాత కారు. వదిలేశావనుకో, అపురూపం. నీకివి తెలీవులే. నువ్వు కాఫీ సంగతి చూడు.”

ఇంట్లో దుమ్ముంటే ఆడదాని బద్ధకం, గరాజులో దుమ్ముంటే మగవాడి ఆస్తి. తెలియకేం. ఇదే దుమ్మును అద్దాల బీరువా మీద వేలితో గీసి చూపించి అత్తగారు డోలీ మీద ఎత్తిపోసేది. ఆవిడ ఉండుంటే ఈ కారు మీద గీతలు గీసి దాని ధర పడగొట్టేదేమో అనుకుని, డోలీ బకెట్టు నీళ్లు బయట మంచులో పారబోసింది.

ప్రకటన రాసింది కూడా ఆమే. వాల్ట్ వాలి చెబుతుంటే, ఓవెన్‌లో మాంసం మాడకుండా ఓ కన్ను అటు వేసి, వంటింటి బల్ల మీది కంప్యూటర్‌లో కొట్టింది. పంతొమ్మిది వందల డెబ్బై నాటి మజిల్ కారు, పెద్ద ఇంజను కండల కారు. నేరేడు పండు రంగు, ఫ్యాక్టరీ వేసిన రంగే. చెయ్యి పడలేదు. ఏళ్లుగా గరాజు దాటలేదు. ప్రస్తుతం నడవదు. ప్రాజెక్టుగా అమ్మకానికి. ఒకే యజమాని.

“ఒకే యజమాని అంటే ఎవరు?” అంది కొడుతూ.

“అదే, మనం.”

ఒకరే యజమాని అయినప్పుడు మనం ఎలా అవుతాం అని అడగబోయింది. ఓవెన్ గంట మోగింది. ఆమె జీవితంలో చాలా ప్రశ్నలకు ఓవెన్ గంటే జవాబు.

పెళ్లికి ముందు ఆమె కారు ఫ్యాక్టరీలో సీటు కవర్లు కుట్టేది. ఆ మిషన్ల హాల్లో అందరూ ఆడవాళ్లే. పొద్దస్తమానం ఎవరెవరో కూర్చోబోయే సీట్లు కుట్టి, సాయంత్రం కాళ్లు పీకుతుంటే బస్సులో నిలబడి ఇంటికెళ్లేవాళ్లు. నాకంటూ ఓ సీటుండాలి అనుకుంది డోలీ. రెండేళ్లు కూడబెట్టి, మిగతాది అప్పు చేసి, నేరేడు రంగు కారు కొనుక్కుంది. శుక్రవారం సాయంత్రాలు వుడ్‌వర్డ్ రోడ్డు మీద ఆ కారు ఆగిందంటే పక్క కార్ల మగపిల్లలు కిటికీలు దించేవాళ్లు. అలా కిటికీ దించి, నోరు తెరిచి, మూయడం మరిచిపోయిన వాళ్లలో ఒకడు వాల్ట్. పెళ్లయి, పెద్ద కూతురు కడుపున పడగానే అత్తగారు, “బిడ్డ తల్లికి ఆ రంగేమిటి, ఆ మోతేమిటి” అంది. వాల్ట్ మెత్తగా, “ఈ ఒక్క చలికాలం లోపల పెడదాం. ఇంజను విప్పి, కొత్తదాన్ని చేసి నీ చేతికిస్తాను” అన్నాడు. ఆమె అమ్మ అయిన ఏడు ఆగిన కారు అమ్మకానికొచ్చేదాకా కదల్లేదు. నదులకు అడ్డంగా కట్టే ప్రాజెక్టులకైనా ఏదో ఒకనాడు రిబ్బన్లు కత్తిరిస్తారు. వాల్ట్ ప్రాజెక్టులో విప్పిన ముక్కలు కాఫీ డబ్బాల్లోకి ఎక్కి అలాగే కూర్చున్నాయి. పెట్రోలు కారలేదు, ఆయిలు కారలేదు, కారు కదల్లేదు. కారినవి మొదట్లో డోలీ కళ్లు రెండే. కాగితం మీద ఆమె పేరే ఉన్నా, అందరి నోళ్లలోనూ అది వాల్ట్ కారైపోయింది. పిల్లలకు నాన్న కారు, వీధికి వాల్ట్ ఇంటిపేరుతో నోవాక్ గారి కారు. ఆమె వ్యాను మాత్రం బయట మంచులో. ప్రతి చలికాలం పొద్దున్నే అద్దం మీది మంచు గోకేది ఆమే. ఆదివారం వాల్ట్ ఆ వ్యాను తీసుకెళ్లి సీటు వెనక్కి తోసి వస్తాడు. సోమవారం ఆమె దాన్ని ముందుకు లాక్కుంటుంది. పేరుకు డోలీ, మోసేది మాత్రం తనే.

ఇక ఈ కారు పోతే ఆ చోటులోకి ఓ పాత పడవ తెస్తాడట. చూసి కూడా వచ్చాడట. “మంచి పడవ. కొంచెం పనుంది, అంతే” అన్నాడు నిన్న రాత్రి భోజనాల దగ్గర. ఆ కొంచెం పని అనే మాట మింగడానికి డోలీ నీళ్లు తాగింది. తను పోయేదాకా వ్యాను మంచులోనే అన్నమాట.

కొనే మనిషి పక్క రాష్ట్రం ఇండియానా నుంచి ట్రక్కు వెనక ట్రెయిలరు కట్టుకుని వచ్చాడు. పేరు ఎమెట్. మనిషి తాడిచెట్టంత పొడుగు, మాట మాత్రం గుప్పెడు. వాల్ట్, ఎమెట్ కలిసి క్రిస్మస్ సామాను పెట్టెలు దించి, కప్పిన గుడ్డ లాగారు. అప్పుడే డోలీ కాఫీ ట్రే పట్టుకుని లోపలికొచ్చింది.

గుడ్డ తొలగిన చోట గరాజు కిటికీ ఎండ పడింది. సన్నని దుమ్ము కింద నేరేడు రంగు, ముసుగులో ఉన్న పెళ్లికూతురిలా కాదు, నిద్రలో ఉన్న పులిలా ఉంది. ఎమెట్ టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు.

“రంగు ఎన్నిసార్లయినా వేయొచ్చండి,” అన్నాడు ఎమెట్ గుసగుసగా. “మొదటి రంగు ఒక్కసారే. తుప్పుంది, పగుళ్లున్నాయి. అయినా దాపరికం లేదు దీనిలో. ఎలా పుట్టిందో అలాగే ఉంది.”

ఒక పగులు గురించి ఇంత మర్యాదగా మాట్లాడే మగవాణ్ణి డోలీ ఎన్నడూ చూడలేదు. ఆమెకూ పగుళ్లున్నాయి. జుట్టుకు రంగెయ్యమని కూతురు, పొట్ట తగ్గించమని వాల్ట్, కళ్ల కింద రాసుకొమ్మని క్రీము సీసాలమ్మే పొరుగింటావిడ, అందరూ ఆమెను బాగుచేయాలనేవాళ్లే. ఎలా ఉన్నావో అలాగే ఉన్నావు అని ఎవరైనా అన్నారంటే అది తిట్టే. ఇక్కడ అదే మాటకు ఒకడు టోపీ తీశాడు.

“దీంతో నేను చేసిన అల్లరి అంతా ఇంతా కాదు,” వాల్ట్ అందుకున్నాడు. “ఓసారి వుడ్‌వర్డ్ మీద ఒక ఎర్ర కారువాడు ఇంజను రొద చేసి పందేనికి కవ్వించాడు. పచ్చలైటు పడిందో లేదో, వాడు అద్దంలో అగ్గిపుల్లంత అయిపోయాడు.”

ఆ ఎర్ర కారులో ఉన్నది వాల్టే. అగ్గిపుల్లంత అయింది కూడా వాల్టే. తన కథను మొగుడి నోటి నుంచి, మొగుడే గెలిచినట్టు వింటూ డోలీ ట్రే పట్టుకుని నిలబడింది. ఎదురు చెప్పాలన్నంత కోపం కూడా రాలేదు. ఎన్నో ఏళ్లుగా చెబుతున్నాడు కదా, ఆయనకది నిజమే అయిపోయుంటుంది.

“ఒకసారి కూర్చోనా?” అన్నాడు ఎమెట్.

తలుపు మూలిగి తెరుచుకుంది. ఆయన ఒంగి, మడిచి, మెలితిరిగి లోపలికి దూరాడు. మోకాళ్లు స్టీరింగుకు తగిలి ఇరుక్కున్నాయి. కింద మీట పట్టుకుని సీటును వెనక్కి తోశాడు. కదల్లేదు. మళ్లీ తోశాడు. టార్చి వేసి కిందకు చూశాడు.

“పట్టాలు తుప్పు పట్టి బిగుసుకుపోయాయండి. ఆఖరిసారి నడిపినప్పుడు ఎక్కడుందో అక్కడే.” బయటికొచ్చి వాల్ట్‌ను కింది నుంచి పైదాకా చూశాడు. “మీరు నాకన్నా వేలెడు తక్కువ ఉంటారేమో. మీరెలా పట్టారు ఇందులో?”

వాల్ట్ దగ్గాడు. “అదీ... డోలీ కొట్టుకెళ్లి పాలూ బ్రెడ్డూ తెచ్చేది అప్పుడప్పుడు.”

ఎమెట్ డోలీ వైపు తిరిగి తలుపు తెరిచి పట్టుకున్నాడు. “అమ్మా, మీరోసారి.”

చేతులు ఖాళీ కావాలి. ట్రేను వాల్ట్ చేతుల్లో పెట్టింది. ఆయన దాన్ని పాము బుట్టలా పట్టుకున్నాడు.

లోపల పాత తోలు, చల్లటి ఇనుము వాసన. కూర్చుంది. వీపు ఎక్కడ ఆనాలో అక్కడ ఆనింది. ఎడమ కాలు క్లచ్ మీదికి, కుడి చెయ్యి గేరు మీదికి, ఎవరూ చెప్పకుండానే వెళ్లాయి. తల ఎత్తితే వెనక చూసే అద్దంలో సరిగ్గా తన కళ్లే. ఆ అద్దాన్ని ఎవరూ తిప్పలేదు. ఊపిరి తీసుకోవడానికి కూడా భయమేసింది ఆమెకు, గుడిలో పెద్దగా మాట్లాడబోయినట్టు. ఇంట్లో మంచి కుర్చీ వాల్ట్‌ది. బల్ల దగ్గర ఆమెది పొయ్యి పక్క కుర్చీ, ఎందుకంటే మాటిమాటికీ లేవాలి. వ్యాను సీటు వారానికోసారి వెనక్కి పోయేది. ఇల్లంతా ఎవరికి తగ్గట్టు వాళ్లు జరుపుకుంటూ పోతుంటే, ఈ చీకట్లో ఒక్క చోటు ఆమె కొలతకు అంటిపెట్టుకుని ఉంది. తను మరిచిపోయినా తుప్పు మరవలేదు. బాగుచేస్తానని మాటిచ్చినవాడు ఈ సీటు జోలికి రాకపోవడం వల్లే అది మిగిలింది. వాల్ట్ బద్ధకానికి జీవితంలో మొదటిసారి దణ్ణం పెట్టుకుంది.

“బేరం ఎవరితో మాట్లాడాలి?” అన్నాడు ఎమెట్.

“నాతోనే,” అన్నాడు వాల్ట్, ట్రే వెనక నుంచి.

“నాతో,” అంది డోలీ, స్టీరింగు వెనక నుంచి. గొంతు పెంచలేదు. “ప్రకటనలో రాసిన ఒకే యజమానిని నేనే. మీ చేతిలో ఇది ఎప్పటికి నడుస్తుంది?”

“వచ్చే వేసవికి.”

“కొంచెం పనుంది అనరు కదా?”

“చాలా పనుందమ్మా. అందుకే ఇప్పుడే మొదలుపెట్టాలి.”

ఆ మాటతో ఆమె లోపల ఏదో తేలికైంది. దీన్ని మళ్లీ గుడ్డ కప్పి దాచుకోవచ్చు. దాచడం చాలు. ఇది రోడ్డు మీద మోత చేయాలి, అత్తగారి సమాధి దాకా వినబడేలా.

“అయితే ఇస్తాను. అన్నీ విప్పండి, ఈ సీటు తప్ప. నడిచిన రోజు నాకు ఫోను చెయ్యండి. మొదట నేను నడుపుతాను, వుడ్‌వర్డ్ మీద, ఈ కొస నుంచి ఆ కొసకి. ఆ తర్వాత మీ కాళ్లు మీరు ఎంత చాపుకుంటారో చాపుకోండి.”

ఎమెట్ టోపీ ఇంకా చేతిలోనే ఉంది. “మాటిస్తున్నానమ్మా,” అన్నాడు.

“మరి నా పడవ?” అన్నాడు వాల్ట్.

“బయట పెట్టు. ఇక్కడ నా వ్యాను ఉంటుంది. పడవకి మంచు కొత్తేమిటి, అదీ నీళ్లేగా.”

వాల్ట్ నోరు తెరిచాడు. వుడ్‌వర్డ్ మీద కిటికీ దించిన సాయంత్రంలాగే, మూయడం మరిచిపోయాడు. డోలీ తలుపు లాగి వేసుకుంది. అద్దంలో తన కళ్లను మరోసారి చూసుకుని, కిటికీ దించే పిడి తిప్పింది. ఆశ్చర్యం, అద్దం దిగింది.

“ఆయనకి కాఫీ ఇవ్వు వాల్ట్,” అంది. “చల్లారిపోతోంది.”