దున్న వెనక సగం

"మీ వేళ్లు సన్నగా ఉంటాయి కదా, మీకైతే తేలిక," అన్నాడు బ్రాడీ, బీరు డబ్బా తెరుస్తూ.

నేను రంగు కాగితం ముక్కని మడిచి, కోళ్లగూటికి కట్టే ఇనప వల కన్నంలోకి తోస్తున్నాను. ఒక్కో కన్నానికి ఒక్కో ముక్క. పాత విద్యార్థులంతా తిరిగొచ్చే హోమ్‌కమింగ్ పండగ ఊరేగింపులో మా శకటం మీద నిలబడే అడవిదున్న బొమ్మకి బొచ్చు ఇలాగే మొలుస్తుంది. మా కాలేజీలో ఏటా ఒక అమ్మాయిల సంఘానికీ, అంటే సొరోరిటీకీ, ఒక అబ్బాయిల సంఘానికీ, అంటే ఫ్రెటర్నిటీకీ జత కడతారు. మాకు జత బ్రాడీ వాళ్లు. ఒప్పందం ఏమిటంటే, తల నుంచి మూపురం దాకా మాది, మూపురం నుంచి తోక దాకా వాళ్లది. వారం మొదట్లో ఒప్పందం బాగానే ఉంటుంది. తర్వాత వాళ్లకి ఆటలొస్తాయి, పరీక్షలొస్తాయి, నడుం నొప్పులొస్తాయి. గురువారానికల్లా తోక కూడా మాదే. శకటాల పోటీలో గెలిచిన కప్పు మాత్రం వాళ్ల ఇంట్లో ఉంటుంది. అడిగితే, "చట్రం మాది కదా, అది మగపని," అంటారు. ఆ చట్రం ఎప్పుడో ఎవరో అతికించింది. వీళ్లు ఏటా షెడ్డులోంచి లాగి దుమ్ము దులుపుతారు, అంతే.

మా చాప్టర్, అంటే ఈ కాలేజీలోని మా సొరోరిటీ శాఖ, వార్తలు రాసే పని ఈ ఏడు నాది. పూర్వ సభ్యులందరికీ వెళ్లే పత్రిక అది. మా సలహాదారు మిసెస్ హాల్డర్‌సన్ పని అప్పజెబుతూనే హోమ్‌కమింగ్ వాక్యం కూడా చేతిలో పెట్టింది: "మన అమ్మాయిలు సోదరుల శకటానికి ఆనందంగా చేయూతనిచ్చారు." ఏటా అదే వాక్యమట. వేళ్లు చీరుకుపోతుంటే నాకు ఆ 'చేయూత' దగ్గర ఒళ్లు మండింది. మా అమ్మ ఆర్డిత్‌ది కూడా ఈ చాప్టరే. బ్రాడీ వాళ్ల ఫ్రెటర్నిటీలోనే ఉన్న నాన్న ఆమెని మొదట చూసింది ఈ షెడ్డులోనే. థాంక్స్‌గివింగ్ భోజనం దగ్గర ప్రతిసారీ చెబుతాడు, "మీ అమ్మ కాగితాలు కూరుతుంటే చూసి పడిపోయాను," అని. అందరం నవ్వుతాం. మరి అప్పుడు నువ్వేం చేస్తున్నావు నాన్నా అని ఎవ్వరం అడగలేదు. ఈ వారం ఫోన్ చేసి అమ్మనే అడిగాను. "ఆయనా? ట్రక్కెక్కి కూర్చుని పాటలు పాడేవాడే. గొంతు బాగుండేది," అంది. ఇప్పటికీ అంతే. అమ్మ చీకటితోనే లేచి పండగ టర్కీ కోడిని కడిగి, కూరి, గంటల తరబడి కాలుస్తుంది. ఆయన కత్తి పట్టుకుని నాలుగు ముక్కలు కోస్తాడు. చప్పట్లు ఆయనకి.

ఇంతలో పెట్రా వచ్చింది. నర్సింగు చదివే పిల్ల, చాప్టర్‌లో నాకు అప్పగించిన చెల్లి. ఈ వేళప్పుడు ఆసుపత్రిలో ఉండాలి.

"పంపేశారే అక్కా," అంటూ అరచేతులు చూపించింది. నిండా ఇనప వల గీతలు. "తెగిన చేతుల్తో రోగుల్ని ముట్టుకోవద్దన్నారు. ఇంకోసారి ఇలా వస్తే కోర్సు పోయినట్టే."

అని, అలవాటుగా కాగితాల కుప్ప ముందు కూర్చుంది. చెయ్యి చాచింది.

నేను ఆ చెయ్యి పట్టుకుని లేపాను. నేనూ లేచాను.

"మన సగం అయిపోయింది. పదండి."

అధ్యక్షురాలు టామ్సిన్ అడ్డం వచ్చింది. "కొరీన్, మతి పోయిందా? శకటం మీద మన పేరుంటుందే! ఊరంతా చూస్తుంది, పరువు పోతుంది."

"వాళ్ల పేరు కూడా ఉంటుంది కదా. పోతే వాళ్లది పోనీ."

"గొడవ పెట్టుకుంటే వచ్చే ఏడు మనతో ఎవరు జత కడతారు?"

"పెట్రా కోర్సు పోతే తిరిగి ఎవరు తెచ్చిస్తారు? ఆ చేతులు చూసి చెప్పు."

టామ్సిన్ చూసింది. తర్వాత మిగిలిన కాగితాల పెట్టె ఎత్తి తీసుకెళ్లి బ్రాడీ ఒళ్లో పడేసింది. "ఇదిగో బాబూ, మీ వాటా."

"అమ్మలూ, జోకులు చాలు," అని నవ్వాడు బ్రాడీ. మేమంతా షెడ్డు దాటేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

శనివారం పొద్దున ఊరేగింపు. బ్యాండు వెనక మా దున్న వచ్చింది. ముందు సగం నిండుగా, గోధుమ రంగు బొచ్చుతో, కళ్లతో, కొమ్ములతో. వెనక సగం వట్టి ఇనప వల. అక్కడక్కడా నాలుగు కాగితాలు, ఎవడో ఆఖర్న కంగారుగా గుచ్చినవి. ఆ కన్నాల్లోంచి అవతలి మంగలి షాపు కనిపిస్తోంది. "ఏం బాబూ, దున్నకి గజ్జి పట్టిందా?" అని ఎవరో కేకేశారు. పైనుంచి చేతులూపుతున్న బ్రాడీ ఊపడం మానేశాడు.

మిసెస్ హాల్డర్‌సన్ ఎర్రబడ్డ మొహంతో నా దగ్గరికి వచ్చింది. "ఎంత సిగ్గుచేటు! ఇప్పుడు పత్రికలో ఏం రాస్తావమ్మా?"

"ముందు సగం మేం నింపాం అని రాస్తానండీ. వెనక సగానికి ఫొటో వేస్తే చాలు."

ఊరేగింపు చూడ్డానికి నాన్నతో వచ్చిన అమ్మ నా పక్కనే ఉంది. కోటు మీద పాత చాప్టర్ పిన్ను. తిడుతుందనుకున్నాను, తిట్టినా నేనన్న ఆ మాట మార్చకూడదనుకున్నాను. ఆమె నన్ను చూడనే లేదు. ఆ వట్టి వలనే చూస్తోంది, శకటం మలుపు తిరిగేదాకా.

"అది మీ నాన్న సగం," అంది మెల్లగా.

వెనక మడత కుర్చీలోంచి నాన్న పిలిచాడు. "ఏమోయ్ ఆర్డిత్, ఫ్లాస్కులో కాఫీ ఉందా?"

"ఉంది," అంది అమ్మ, తల తిప్పకుండానే. "లేచి పోసుకో."