సుత్తి దెబ్బ పడకూడని ఇల్లు

నాలుగు రోజులుగా మనోరమ నెత్తిన స్టీలు బేసిన్ బోర్లించుకుని వంట చేస్తోంది. వింటే నవ్వొస్తుంది గానీ నవ్వే సంగతి కాదు. సోమవారం పొద్దున ఉల్లిపాయలు తరిగి, కరివేపాకు కోసం పెరట్లోకి వెళ్లి వచ్చేసరికి, తను నిలబడ్డ చోటే పైకప్పు పెళ్ల ఒకటి కంచమంత పడి ఉంది. ఉల్లిపాయల నిండా సిమెంటు. తలెత్తి చూస్తే పెళ్ల ఊడిన చోట ఇనుప చువ్వలు తుప్పుపట్టి, పొరలు పొరలుగా లేచి కనబడ్డాయి. చేతిలో కరివేపాకు అలాగే ఉండిపోయింది.

చిక్కడపల్లిలో ఆ ఇంటి కింది భాగంలో వాళ్లు కిరాయికి దిగి పదకొండేళ్లు. భర్త గోవర్ధన్ ఆఫీసు పని మీద కరీంనగర్ పోయాడు, ఆదివారం గానీ రాడు. వచ్చినా ఏం లాభం, భూకంపం వచ్చినా “చూద్దాం లే” అనే మనిషి. అందుకని ఆమే పైకెక్కి, ఇంటి ఓనరు సుబ్బలక్ష్మి తలుపు కొట్టింది.

“అక్కా, వంటింటి కప్పు రాలుతున్నది. మేస్త్రీని పిలిపియ్యరాదూ?”

“పిల్లకు ఎనిమిదో నెల, తెల్వదా నీకు?” అంది సుబ్బలక్ష్మి గొంతు తగ్గించి. “ఇంట్ల సుత్తె దెబ్బ పడొద్దు. గోడకు మేకు గూడ కొట్టనిస్తలేను. పురుడైనంక ఇల్లంత తవ్వుకుందువు తియ్.”

“అప్పటిదాంక నా నెత్తి ఉండాలె గదక్కా.”

“జర పక్కకు నిలబడి వండుకో.”

సుబ్బలక్ష్మి చెడ్డదని కాదు. మనోరమకు జ్వరమొస్తే చారు కాచి కిందికి తెచ్చే మనిషి. కానీ కూతురు అనూహ్యకు తొలి కడుపు నాలుగో నెలలోనే పోయింది. ఇప్పుడు పురిటికి పుట్టింటికొచ్చిన పిల్లను ఆ తల్లి గాజు గిన్నెలా కాస్తోంది.

మనోరమ దిగి వచ్చేసింది. గట్టిగా అడగలేకపోయింది, అదీ అసలు సంగతి. ఆమెకూ ఆ నమ్మకం ఉంది. తన పదిహేనో ఏట, అక్క ఏడో నెల కడుపుతో ఉండగా, బావ తలుపు ఇరుకైందని ద్వారబంధం పీకించి కొత్తది పెట్టించాడు. రెండు రోజులు ఇల్లంతా ఠంగు ఠంగుమని సుత్తి మోత. ఆ తర్వాత పుట్టిన బిడ్డ ఏడవలేదు. పేగు మెడకు చుట్టుకుందని డాక్టరమ్మ చెప్పింది. సుత్తి అని ఇంట్లో వాళ్లన్నారు. ఏది నిజమో మనోరమకు ఈనాటికీ తెలియదు. ఆ మోత మాత్రం చెవుల్లోంచి పోలేదు.

కప్పు కింద నిలబడాలంటే భయం. కప్పు బాగు చేయించాలంటే అంతకన్నా భయం.

శుక్రవారం నాటికి పప్పులో రోజూ ఇసుక తగలడం మొదలైంది. ఆ రోజు తెల్లారగానే ఆమె అశోక్‌నగర్ చౌరస్తా దగ్గర కూలీలు నిలబడే అడ్డాకు వెళ్లి పీరయ్యను పిలుచుకొచ్చింది. పాలమూరు మనిషి, అంతకుముందు పక్కింట్లో గచ్చు వేసినవాడు.

“చూసి చెప్తె చాలన్నా. దెబ్బ కొట్టొద్దు. ఆ పనిముట్ల సంచి గేటు కాడ్నే పెట్టు.”

“సంచి ఒక్కటేనా అమ్మా, చేతులు గూడ ఆడ్నే పెట్టి రావాల్నా?” అని నవ్వుతూ లోపలికొచ్చాడు పీరయ్య.

స్టూలెక్కి, వేళ్లతో ఒక చువ్వను పట్టుకుని నులిమాడు. అప్పడంలా నలిగి పొడి రాలింది. అతని నవ్వు పోయింది.

“దీని మీద ఏమున్నదమ్మా?”

“పైవాళ్ల బాత్రూం.”

“నీళ్ల డ్రమ్మున్నదా?”

“ఉన్నది, పెద్దది. నల్లా రోజు విడిచి రోజు గదా.”

“ఎవరు చేస్తరు తానం అండ్ల?”

మనోరమ జవాబు చెప్పబోయి ఆగింది. నాలుగు రోజులుగా ఆమె తన నెత్తి గురించే భయపడింది. ఆ కప్పు మరొకరి కాళ్ల కింది నేల అని ఒక్కసారి కూడా తట్టలేదు.

“అనూహ్య,” అంది. “కడుపుతో ఉన్న పిల్ల.”

పీరయ్య స్టూలు దిగాడు. “అమ్మా, నువ్వు ఇది నీ మీద పడుతదని భయపడుతున్నవ్. దీంతోని ఎవరొస్తరోనని నాకు భయమైతున్నది.”

సరిగ్గా అప్పుడే పైన బకెట్టు ఈడ్చిన చప్పుడైంది. తలుపు గొళ్లెం పడింది. చెంబు నీళ్లు గుమ్మరించిన చప్పుడు. శుక్రవారం కదా, తలంటు.

మనోరమ ఎలా మెట్లెక్కిందో ఆమెకే తెలియదు. వెనకాలే పీరయ్య. సుబ్బలక్ష్మి అతని సిమెంటు చేతులు చూడగానే గుమ్మంలో రెండు చేతులూ అడ్డం పెట్టింది.

“మేస్త్రీని తెస్తవా నా ఇంట్లకు? శుక్రవారం పూట? నీకు గా పిల్ల మీద కనికరం లేదా మనోరమా?”

“అక్కా, తర్వాత తిట్టు. ముందు పిల్లను బయటికి రానీ.”

“ఎందుకొస్తది? ఇప్పుడే నీళ్లు పోసుకుంటున్నది!”

మనోరమ పదకొండేళ్లలో మొదటిసారి ఇంటి ఓనరు చేయి పక్కకు తోసి లోపలికి నడిచింది. బాత్రూం తలుపు మీద చేయి వేసిందే గానీ, అరవడానికి ధైర్యం చాలలేదు. నేల కూలుతుందంటే పిల్ల బెదిరి పరుగెత్తుతుంది. కుంకుడు రసం కారిన గచ్చు మీద ఎనిమిది నెలల కడుపుతో పరుగెత్తితే ఇంకేమన్నా ఉందా?

“గోడ పట్టుకొని రమ్మనుండ్రి,” పీరయ్య చెవిలో చెప్పినట్టు అన్నాడు. “నడిమిట్ల కాలు పెట్టొద్దని చెప్పుండ్రి.”

“అనూహ్యా,” అంది మనోరమ, రోజూ పిలిచినట్టే. “గచ్చు జారుతున్నదంట బిడ్డా. గోడ పట్టుకొని, అంచు అంచుకే వచ్చి తలుపు తియ్యి.”

“నెత్తినిండ నురుగున్నది ఆంటీ! కండ్లు మండుతున్నయ్!”

“ఉండనీ. కండ్లు మూసుకొనే రా. నేను ఈడ్నే ఉన్న.”

తడి కాలు గచ్చు మీద ఆనిన చప్పుడు ఒకటి. చాలాసేపటికి రెండోది. మనోరమ కళ్లకు ఆ అడుగుల కింద తన వంటిల్లే కనబడుతోంది. గొళ్లెం తీయగానే ఆ పిల్ల మణికట్టు పట్టుకుని గడప దాటించింది. ఒంటికి తడి చీర, చెవుల మీదుగా నురగ, బిత్తరపోయిన ముఖం.

“ఏందిది? ఏమైందే అమ్మా?”

సుబ్బలక్ష్మి కూతురిని కుర్చీలో కూర్చోబెట్టి, తువ్వాలు కప్పి, మనోరమ వైపు తిరిగింది. కళ్లలో నిప్పులు. “ఏముందో సూపియ్. ఏం లేకుంటె ఈ నెలనే ఇల్లు ఖాళీ చెయ్యాలె.”

కిందికి వచ్చారు. కప్పులోంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. చువ్వల చివర్న తెల్లగా నురగ వేలాడుతోంది. అది ఊగి ఊగి పొయ్యి గట్టు మీద పడింది. సుబ్బలక్ష్మి వేలితో తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. కుంకుడుకాయ వాసన. తను తెల్లవారుజామున లేచి, కాయలు కొట్టి, వేడినీళ్లలో పిసికి కూతురికిచ్చిన రసం.

ఆమె గోడకు చేరగిలబడింది.

“ఇప్పుడు ఏం చెయ్యాలె?”

“జాకీలు పెడుత,” అన్నాడు పీరయ్య. “ఇనుప కాళ్లమ్మా, కప్పు కింద నిలబెట్టి మర తిప్పి బిగించుడే. సుత్తె ముట్టుకునే పని లేదు.”

“పురుడు దాంక ఆగుతదా?”

“ఆగొచ్చు. ఆగకపోవచ్చు. పక్కగది దూలం గూడ ఇదే చువ్వల మీదున్నది. పగలగొట్టి కొత్తగ సిమెంటు పొయ్యాలె. నేను మేస్త్రీనమ్మా, దేవున్ని గాదు.”

సుబ్బలక్ష్మి పీరయ్యను చూడలేదు. మనోరమ చేయి పట్టుకుంది.

“నువ్వు చెప్పు మనోరమా. మీ అక్క ముచ్చట నువ్వే చెప్పినవ్ గదా నాకు. కొట్టియ్యాల్నా?”

కొట్టించమన్నాక రేపు ఏమన్నా జరిగితే ఆ పాపం తన మాటది. వద్దన్నాక ఏమన్నా జరిగితే అదీ తనదే. అక్క ముఖం కళ్ల ముందాడింది. ఆ తర్వాత తడి గచ్చు మీద చాలాసేపటికి పడ్డ ఆ రెండో అడుగు గుర్తొచ్చింది.

“పిల్లను ఈ ఇంట్ల ఉంచొద్దు. ఇయ్యాల్నే పంపు,” అంది. “పంపి, కొట్టియ్యక్కా.”

మధ్యాహ్నానికల్లా విద్యానగర్‌లోని పిన్ని ఇంటికి అనూహ్యను ఆటో ఎక్కించారు. సుబ్బలక్ష్మి ఇంటి దగ్గర ఉండాలి గనక మనోరమ తోడు వెళ్లింది. క్రాస్‌రోడ్స్ సిగ్నల్ దగ్గర ఆటో ఆగినప్పుడు ఫోన్ మోగింది.

“మొదలువెట్టిండు,” అంది సుబ్బలక్ష్మి. అంతే, పెట్టేసింది.

అంత దూరానికి ఏమీ వినిపించదు. చుట్టూ బస్సుల హారన్లు. అయినా మనోరమ అనూహ్య చేతిని తన రెండు చేతుల మధ్యకు లాక్కుంది.

“గంత గట్టిగ పట్టుకున్నరేంది ఆంటీ? నొస్తున్నది.”

“గుంతలున్నయ్ బిడ్డా,” అంది మనోరమ. ఆటో ఇంకా కదలలేదు.