ఖాళీ చీటీ

సోమవారం మీటింగులో మా ప్రైవేటు ఆస్పత్రి మేనేజరు తిరుమల్ ఒక పట్టిక చూపించాడు. ఏ డాక్టరు ఎందరికి పరీక్షలు రాశారు, ఎందర్ని అడ్మిట్ చేశారు అని. డాక్టర్ స్తుతి, అంటే నేను, ఎప్పటిలాగే అట్టడుగున.

"ఈ నెల గూడ గిట్లనే ఉంటే మీ కొలువు పోకుండ నేను అడ్డం పడలేను మేడమ్," అన్నాడు. అతని తిప్పలు అతనివి. పుట్టిన ఇబ్రహీంపట్నంలోనే మంచి డాక్టరుననిపించుకోవాలని వచ్చినదాన్ని. ఇప్పుడు కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక లేదు.

మధ్యాహ్నం కందుకూరు నుంచి శంకరమ్మను బుగ్గయ్య బండి మీద తీసుకొచ్చాడు. బుగ్గయ్య ఊళ్లో సూదులేసే ఆర్‌ఎంపీ. తెచ్చిన ప్రతి మనిషికీ మా ఆస్పత్రి అతనికి కమీషన్ ఇస్తుంది.

ఆమెకు ఒళ్లు నొప్పులు, కళ్లు తిరగడం. చెయ్యి పట్టి, పొట్ట నొక్కి, బీపీ చూసి, ఇరవై నిమిషాలు మాట్లాడాను. మూడు రోజులుగా పరగడుపున ఎండలో టమాటాలు తెంపుతోందట.

"నీకు రోగం లేదు పెద్దమ్మా. రెండ్రోజులు ఎండకు పోకు. తిను, ఉప్పేసి మజ్జిగ తాగు," అని చీటీ ఖాళీగా ఇచ్చాను.

ఆమె మొహం మాడిపోయింది.

"గింతేనా? రక్తం జూడవా? గ్లూకోజ్ ఎక్కియ్యవా?"

"అక్కర్లేదు."

"మా కాడ పైసల్లేవనుకున్నవా?" అంటూ కొంగు ముడి విప్పింది.

బుగ్గయ్య నేల చూపులు చూస్తూ అన్నాడు: "సూది గుచ్చకుంటే మావోళ్లకు చూసినట్టు గాదు మేడమ్."

"పక్క దవాఖానకు పోదాం పా బుగ్గయ్యా. ఈమెకు తెల్వదు," అంది శంకరమ్మ.

తెల్వదట. కళ్లు పోయేలా ఏళ్లకేళ్లు చదివినందుకు ఇదీ దక్కిన మాట. పోనీ అనుకుంటే అయిపోయేది. అనుకోలేకపోయాను.

"కూసో పెద్దమ్మా," అని చీటీ వెనక్కి తీసుకున్నాను. నాలుగు పరీక్షలు, ఒక సెలైన్, ఒక రోజు అడ్మిషన్. రాయడానికి నిమిషం కూడా పట్టలేదు, ఆమెను ముట్టుకోనూ లేదు.

సాయంత్రం వార్డులో శంకరమ్మ నా చెయ్యి పట్టుకుంది. మొహం కళకళలాడుతోంది.

"ఇప్పుడు మంచిగ జూసినవ్ బిడ్డా. రేపు మా చెల్లెను గూడ నీ కాడికే తోల్కొస్త."

సరేనన్నాను.