పైడిరాజు ఉన్ని గ్లౌజులు

ఎడమచేతి గ్లౌజులో అయిదు వేళ్లూ దూర్చడానికి పైడిరాజుకు ఈమధ్య చాలాసేపు పడుతోంది. చిటికెనవేలు ఎప్పుడూ పక్క వేలి అరలోకే పోతుంది. పోయినట్టు వేలికి తెలియదు. కళ్లు చూసి చెప్పాలి. జంగ్లీఘాట్ జెట్టీ దగ్గర రేకుల షెడ్డు కింద, మోటార్ సైకిల్ సీటుకు నడుం ఆనించి, గ్లౌజు అంచు పంటితో పట్టి లాగుతూ అతను ఆ పనిలోనే ఉన్నాడు. బండి వెనక థర్మాకోల్ పెట్టెలో ముప్ఫై కిలోల చేప. చేపకీ చేపకీ మధ్య పిండి ఐసు. ఆ ఐసంతా ఇప్పుడే రెండు చేతులతో ఎత్తి సర్దాడు.

"ఏం భయ్యా, కాశ్మీర్ వెళ్తున్నావా?" అన్నాడు పడవ మీంచి ఒకడు.

"కాశ్మీర్ నా పెట్టెలోనే ఉంది. ఆవో, ఓ పాలి చెయ్యెట్టి సూడు," అన్నాడు పైడిరాజు.

అండమాన్‌లో చలికాలం అంటూ లేదు. చలి ఉన్నదల్లా పైడిరాజు చేతుల్లో. అరగంట ఐసులో నానిన చేతులతో, ఆగస్టు వానలో, ఎదురుగాలికి బండి నడిపితే వేళ్లు ముందు సున్నంలా తెల్లబడతాయి. తర్వాత నీలం తిరుగుతాయి. ఆ తర్వాత ఉండీ లేనట్టే. క్లచ్ నొక్కానో లేదో బండి చెబితేనే తెలియాలి.

ఆ గ్లౌజుల వయసు ఎనిమిదేళ్ల పైమాటే. సునామీ వచ్చిన నెలకి, హట్ బే తీరం నుంచి ఓడలో తెచ్చి పడేసినవాళ్లందరూ పోర్ట్ బ్లెయిర్ శిబిరంలో ఉక్కకు ఉడికిపోతున్నప్పుడు, దేశం నలుమూలల నుంచి బట్టల మూటలు వచ్చాయి. విప్పితే స్వెట్టర్లు, కంబళ్లు, కోతి టోపీలు. పైడిరాజు పెళ్లాం బుల్లెమ్మ వంతుకు నీలంరంగు ఉన్ని గ్లౌజులు దక్కాయి. చెమట కారుతున్న మొహంతో ఆమె వాటిని తొడుక్కుని, చేతులు రెండూ ఎత్తి చూసుకుంది. "ఒలమ్మా, ఎవులో గాని మా తల్లి, మనకిక్కడ మంచు కురుస్తాదనుకుంది గావాల!" అని నవ్వింది. నీళ్లు వచ్చి వెళ్లాక ఆమె నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు కోసమే పైడిరాజు వాటిని పారేయనివ్వలేదు. అప్పటికి అవి ఎందుకైనా పనికొస్తాయని అతనికీ తెలియదు.

మళ్లీ సముద్రం మీదికి అతను వెళ్లలేదు. వేరేవాళ్లు పట్టిన చేప కొని, పాత బండి మీద ఇళ్లకు తిప్పడం మొదలుపెట్టాడు. జెట్టీలో బేరం చేసేటప్పుడు కూడా నీళ్లకు వీపు పెట్టే నిలబడతాడు. గ్లౌజుల అరచేతులు అరిగిపోతే బుల్లెమ్మ టైరు ట్యూబు ముక్కలు కత్తిరించి కుట్టింది. రోజూ తెల్లారగట్ల రెండు దగ్గుమందు సీసాల్లో మరిగే నీళ్లు పోసి, మూత బిగించి, పాత సాక్సులో చుట్టి, చెరో జేబులో పెడుతుంది. బండి ఆపిన చోటల్లా అతను గ్లౌజులు తీసి, ఆ సీసాలను పిట్ట పిల్లల్ని పట్టుకున్నట్టు పట్టుకుంటాడు. వేళ్లు తిమ్మిరి వదిలి జివ్వుమంటాయి. ఆ మంట అతనికి భలే ఇష్టం.

పోయిన నెల ఆస్పత్రిలో డాక్టరు, ఇంకా ఐసు ముడితే వేళ్లు నల్లబడి తీసేయాల్సి వస్తుందన్నాడు. ఇంటికి రాగానే బుల్లెమ్మ చెయ్యి చాపింది.

"బండి తాళం ఇలాగియ్యి మావా."

"నా సేతులు బానే ఉన్నాయే."

"బావుంటే ముడెయ్యి."

నైలాన్ దారంతో వల ముడి. రోజూ సాయంత్రం ఒకటి వేసి చూపాలి. పడని రోజున తాళం ఆమెది. బుల్లెమ్మ అడిగింది మామూలు ముడి కాదు. ఆవేళ హట్ బేలో మొదటి అల తీసి, సముద్రం వెనక్కి పోయిన ఆ కాస్త వ్యవధిలో, పైడిరాజు ఆమెను కొబ్బరిచెట్టుకు వలతాడుతో కట్టింది ఆ ముడితోనే. తమ్ముడు నూకన్నను కట్టడానికి వ్యవధి లేకపోయింది. నూకన్న అన్న నడుం పట్టుకున్నాడు. పైడిరాజు చెట్టును పట్టుకున్నాడు. రెండో అల దిగేసరికి ముడి ఉంది, బుల్లెమ్మ ఉంది, చెట్టు ఉంది. నడుం చుట్టూ చేతులు లేవు. ఇంట్లో ఊరికే కూర్చుంటే ఆ చోటు అతనికి చల్లగా తగులుతుంది. బండి మీద ఉంటే తగలదు. ఈ మాట అతను ఎవరికీ చెప్పలేదు.

వారం నుంచి ముడి పడటం లేదు. అందుకని డాలీగంజ్‌లో జోగులు టీ కొట్టు దగ్గర, మధ్యాహ్నమే, వేడిసీసాతో చేతులు కాచుకుని, ఒక కొస పంటితో పట్టి ముడి వేసేస్తున్నాడు. దాన్ని జేబులో దాచి, సాయంత్రం ఇంట్లో అటు తిరిగి కాసేపు తంటాలు పడ్డట్టు నటించి ఆమె చేతిలో పెడుతున్నాడు. బుల్లెమ్మ తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి పసుపు డబ్బాలో వేస్తోంది. ఇవాళ తెల్లారగట్ల సీసాలు జేబులో పెడుతూ మాత్రం అడిగింది.

"పళ్లేటైనా నొప్పెడతన్నాయా మావా?"

"లేదే. ఏం?"

"ఏం లేదు."

డైరీ ఫార్మ్ పేటలో సత్యవాణి టీచరు గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. పైడిరాజు సుర్మయి, అదే వంజరం చేప, పైకి తీసి మొప్ప ఎత్తి చూపాడు.

"అచ్ఛా మాల్ దీదీ. రగతం ఆరనేదు, సూడండి."

టీచరు చూసింది. చూసి, చేపను వదిలి అతని మణికట్టు పట్టుకుంది. "ఆ రక్తం చేపది కాదు పైడిరాజూ. నీది."

మొప్ప కోసిందో, రెక్కముల్లు దిగిందో, చూపుడువేలు నిలువునా చీలి ఉంది. అతనికి తెలియనే లేదు. పైడిరాజు ఆ వేలిని పరాయి సరుకులా తిప్పి చూశాడు. ఆమె మందు రాసి గుడ్డ చుట్టింది.

"నువ్వు రాకపోతే మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు. అయినా రేపటినుంచి రాకు," అంది. అతను నవ్వి, ఆమెకిష్టమని తలకాయ ముక్క ఊరికే గిన్నెలో వేశాడు.

డాలీగంజ్ వైపు దిగే పల్లంలో కోడి ఒకటి అడ్డం వచ్చింది. పైడిరాజు బ్రేకు పట్టమని వేళ్లకు చెప్పాడు. వేళ్లు వినలేదు. కాళ్లు రెండూ రోడ్డుకు తన్నిపట్టి, బండిని మట్టిగట్టుకు ఆనించి ఆపాడు. కోడి అరుచుకుంటూ పోయింది. ఏమీ కాలేదు. కానీ గుండె చాలాసేపు కొట్టుకుంది. ఎడమ భుజంలో ఏదో బరువుగా దిగింది.

జోగులు అతన్ని చూడగానే సీసాల్లో చల్లారిన నీళ్లు పారబోసి, కెటిల్‌లోంచి వేడివి పోశాడు. పైడిరాజు గోడకు ఆనుకుని బల్ల మీద కూర్చుని, చేతులు కాచుకుని, దారం తీశాడు. ఇవాళ పంటితో పట్టలేదు. వేలు చుట్టూ తిప్పాడు, జారింది. మళ్లీ తిప్పాడు. ఆరోసారి జారినప్పుడు పొద్దుటి ప్రశ్న గుర్తొచ్చి ఆగిపోయాడు. పంటిగాట్లు! వారం నుంచీ పసుపు డబ్బాలో ఒక్కొక్కటే వేస్తూ ఆమె అవే చూస్తోంది. పైడిరాజు పడీపడీ నవ్వాడు.

"దొరికిపోయాన్రా జోగులూ."

"ఎవులికి?"

"మా ఇంటి పోలీసుకి." బండి తాళంచెవి తీసి, దాని కంతలోంచి దారం దూర్చాడు. "ఇయ్యాల ఇచ్చేస్తాను. అయిపోనాది."

"మరి రేపట్నుంచి ఏటి సేస్తావు భయ్యా?"

"కూకుంటాను. వానలో తడవకుండా, వానని సూస్తా కూకుంటాను. ఎంత బావుంటాదో!"

తాళంచెవి చుట్టూ దారాన్ని ఒక్కో వేలితో, పసిపిల్లకు జడ అల్లినంత నెమ్మదిగా తిప్పాడు. ఎంతసేపు పట్టిందో జోగులు చూడలేదు. వాన పెరిగి కొట్టు నిండింది. తిరిగి చూసేసరికి పైడిరాజు గ్లౌజులు తొడుక్కుని, సీసాలను ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని ఉన్నాడు. పడుకోనిద్దామని జోగులు వదిలేశాడు. టీ గ్లాసు తీయడానికి వచ్చినప్పుడు టీ ముట్టలేదని చూశాడు. "భయ్యా," అని చేయి పట్టుకున్నాడు. చేయి చల్లగా ఉంది. అది ఎప్పుడూ ఉన్నదే. భయపడి మెడ తాకాడు. మెడా చల్లగానే ఉంది. ఒళ్లోని సీసాలు మాత్రం ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి.

అందరూ వచ్చి వెళ్లాక, మూడోనాడు, జోగులు సీసాలూ గ్లౌజులూ సంచిలో తెచ్చి బుల్లెమ్మకు ఇచ్చాడు. తడి ఆరిన గ్లౌజులు హ్యాండిల్ పట్టుకున్నట్టే వంగి బిగుసుకుపోయి ఉన్నాయి. ఎడమదాన్ని దులిపితే దారానికి కట్టిన తాళంచెవి పడింది.

బుల్లెమ్మ గుమ్మం దగ్గర వెలుగులోకి వెళ్లి ముడిని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది.

"పన్ను ఎట్టనేదు," అంది, ఎవరితోనో అన్నట్టు.

వల ముడే. చిన్నపిల్లలు వేసినట్టు వదులుగా, వంకరగా ఉంది. ఆమె దారం కొసను తలుపు పక్క మేకుకు తగిలించి, చేయి తీసి, పడిపోతుందేమోనని అరచెయ్యి కింద పట్టి నిలబడింది. వానగాలికి తాళంచెవి అటూ ఇటూ ఊగింది. ముడి ఒకసారి జారినట్టే జారి, నిలిచింది.